కొరిశపాడు హైవే మీద రన్‌వే వెనక కథ

ఒంగోలు నుంచి చిలకలూరిపేట వైపు వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి మీద కొరిశపాడు, రేణింగవరం మధ్య 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పున కాంక్రీటు రోడ్డు ఉంది. మామూలు రోజుల్లో దాని మీద లారీలు, ఆర్టీసీ బస్సులు తిరుగుతుంటాయి. నిజానికి అది వైమానిక దళం చెప్పిన కొలతలతో జాతీయ రహదారుల సంస్థ కట్టిన ఎమర్జెన్సీ రన్‌వే. 2022 డిసెంబర్ 29న తొలిసారి విమానాలతో పరీక్షించారు. 2024 మార్చి 18న మళ్లీ పరీక్షించినప్పుడు ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు అక్కడ దిగి, తిరిగి ఎగిరాయి. సుఖోయ్-30, హాక్ యుద్ధ విమానాలు మాత్రం చక్రాలు ఆనించకుండా బాగా కిందికి వచ్చి పైకి లేచిపోయాయి.

ఆ వీడియోలు మన ఫోన్లలో తెగ తిరిగాయి. పాకిస్తాన్ సరిహద్దుకు, చైనా సరిహద్దుకు ఇంత దూరంలో, పొగాకు, మిర్చి పండే ఉమ్మడి ప్రకాశం జిల్లా నేల మీద యుద్ధ విమానానికి రోడ్డు ఎందుకు అని అడిగినవాళ్లు తక్కువ. జవాబు కావాలంటే యుద్ధం నడిపే పద్ధతి ఎలా మారుతూ వచ్చిందో చూడాలి.

మన ప్రాంతంలో ఈ కథ ఉదయగిరి దగ్గర మొదలుపెట్టొచ్చు. 1513లో శ్రీకృష్ణదేవరాయలు ఒడిశా పాలకులైన గజపతుల చేతిలో ఉన్న ఉదయగిరి దుర్గాన్ని ముట్టడించాడు. కొండ ఎక్కే దారులు ఇరుకు, పైన కోట దిట్టం. ముట్టడి ఏడాదిన్నర సాగిందని పోర్చుగీసు చరిత్రకారుడు నూనిజ్ రాశాడు. రాయలు కొండల్ని తొలిపించి, పెద్ద పెద్ద బండల్ని పగలగొట్టించి, సైన్యం కోట బురుజుల దాకా చేరేలా దారి వేయించాడని కూడా ఆయనే చెప్పాడు. ఆ కోటను గెలిపించడంలో కత్తికి ఎంత పాత్ర ఉందో రాళ్లు కొట్టినవాళ్ల గునపానికీ అంతే ఉంది.

రాయలు అక్కడితో ఆగలేదు. 1514లో ఉదయగిరి చిక్కాక అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ ఒక్కొక్కటీ పట్టుకుంటూ 1515లో కొండవీడు చేరాడు. ఆ తర్వాత కొండపల్లి, ఆపైన సింహాచలం దాకా. ఏ ఒక్క కోటతోనూ గజపతి ఓడిపోలేదు. వరసగా పడిన కోటలు కలిసి ఆయన్ని సంధికి దించాయి. ఒక పోరును ఇంకో పోరుతో ముడివేసి చివరి లక్ష్యం దాకా లాక్కుపోయే ఈ నేర్పునే నేటి సైనికులు ఆపరేషనల్ ఆర్ట్ అంటారు. యుద్ధం దేనికోసమో తేల్చేది వ్యూహం. ఎదురుపడ్డ శత్రువును ఎలా కొట్టాలో చెప్పేది ఎత్తుగడ. ఆ రెండింటినీ కలిపే మధ్య మెట్టు ఇది. రాయల కాలంలో దీనికి సిద్ధాంతం లేకపోయినా ఆచరణ మన కళ్లముందే ఉంది.

యూరప్‌లో దీన్ని పెద్ద ఎత్తున చేసి చూపించినవాడు నెపోలియన్. సైన్యాన్ని కోర్‌లుగా, అంటే సొంతంగా పోరాడగల పెద్ద దళాలుగా విడగొట్టి, వేర్వేరు దారుల్లో నడిపించి, సరైన చోట ఒక్కటి చేసేవాడు. 1805లో ఉల్మ్ దగ్గర ఆస్ట్రియా సైన్యం పెద్ద యుద్ధమే చేయకుండా లొంగిపోవడానికి కారణం అదే: తేరుకునేసరికి ఫ్రెంచి వాళ్లు వెనక దారి మూసేశారు. తర్వాత ప్రష్యా సేనాధిపతి మోల్ట్‌కే రైళ్లను, టెలిగ్రాఫ్‌ను యుద్ధంలోకి తెచ్చాడు. 1866లో మూడు సైన్యాలు వేర్వేరు వైపుల నుంచి వచ్చి కోనిగ్‌గ్రాట్జ్ దగ్గర కలిశాయి. అప్పటి నుంచి రైల్వే టైంటేబుల్ కూడా ఆయుధమైంది.

మొదటి ప్రపంచ యుద్ధం ఈ నమ్మకాలన్నిటినీ కందకాల్లో పాతిపెట్టింది. లక్షల మందిని బలిచ్చి శత్రువు వరసను ఛేదించినా, ఆ కన్నంలోంచి ముందుకు వెళ్లేలోగా అవతలివాడు రైళ్లలో కొత్త బలగాలను తెచ్చి పూడ్చేసేవాడు. ఈ చిక్కుముడి మీద అందరికన్నా లోతుగా ఆలోచించింది సోవియట్ సైనికులే అని నా అభిప్రాయం. ఆపరేషనల్ ఆర్ట్ అనే మాటను 1920లలో వాడుకలోకి తెచ్చింది అలెగ్జాండర్ స్వెచిన్. ఎత్తుగడలు అడుగులైతే, ఆ అడుగులు కలిసి ఆపరేషన్ అనే అంగ అవుతాయని, ఎటు అడుగు వేయాలో చూపేది వ్యూహమని ఆయన వివరించాడు. త్రియాందఫిల్లోవ్, తుఖచెవ్‌స్కీ దాన్ని ముందుకు తీసుకెళ్లారు. శత్రువు ముందు వరసతో పాటే వెనక ఉన్న రిజర్వు బలగాల్ని, రైల్వే జంక్షన్లను, ఎయిర్‌ఫీల్డ్‌లను ఏకకాలంలో కొట్టాలన్నది వాళ్ల వాదన. లోతుగా కొడితే కన్నం పూడ్చడానికి అవతల ఎవరూ మిగలరు.

ఈ ఆలోచన చేసినవాళ్లకు పట్టిన గతి తలచుకుంటే బాధ కలుగుతుంది. త్రియాందఫిల్లోవ్ 1931లో విమాన ప్రమాదంలో పోయాడు. తుఖచెవ్‌స్కీని 1937లో, స్వెచిన్‌ను 1938లో స్టాలిన్ ప్రభుత్వం కాల్చి చంపింది. సైన్యం మెదడునే నరికేసిన ఆ పని 1941లో జర్మన్లు దండెత్తినప్పుడు దేశానికి ఎంత నష్టం తెచ్చిందో లెక్కకట్టలేం. 1944 జూన్‌లో బగ్రాతియన్ పేరుతో జర్మన్ల మీద జరిపిన దాడితో వాళ్ల సిద్ధాంతం మళ్లీ లేచింది. దాడికి ముందే గెరిల్లాలు జర్మన్ల వెనక రైలు పట్టాలను వేల చోట్ల పేల్చారు. ఐదారు వారాల్లో సోవియట్ సేనలు పోలండ్‌లోని విస్తులా నది చేరాయి.

ఆ ప్రపంచ యుద్ధమే మన తీరానికీ వచ్చింది. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ పడిపోయింది, మార్చిలో అండమాన్‌లు జపాన్ చేతికి వెళ్లాయి, ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. అంతవరకు బ్రిటిష్ వాళ్లకు భద్రమైన వెనక ప్రాంతంగా ఉన్న కోస్తా ఒక్కసారిగా ముందు వరస అయింది. ప్రకాశం జిల్లా దొనకొండ ఎయిర్‌స్ట్రిప్ ఆ యుద్ధకాలపు గుర్తే. దొనకొండ సముద్రానికి ఆనుకుని లేదు, ఓడల మీంచి కొట్టే ఫిరంగులకు అందదు. పైగా గుంటూరు, గుంతకల్లు మధ్య రైలు మార్గంలో స్టేషన్ ఉంది. పెట్రోలు, బాంబులు రైల్లో దించుకోవచ్చు. ఎయిర్‌ఫీల్డ్‌కు ఇంతకన్నా ఏం కావాలి?

స్వాతంత్ర్యం వచ్చాక, వెనక ఉన్న ఎయిర్‌ఫీల్డ్‌లనూ శత్రువు కొడతాడన్న పాఠం మన వైమానిక దళానికి తొలిసారి గట్టిగా తగిలింది 1965 సెప్టెంబర్‌లో. పాకిస్తాన్ దాడిలో పఠాన్‌కోట్‌లో ఆరుబయట నిలిపి ఉన్న పది దాకా విమానాలు నేలమీదే తగలబడ్డాయి. మరుసటి రోజు సరిహద్దుకు అంత దగ్గర కాని బెంగాల్‌లోని కలైకుండాలోనూ అదే జరిగింది. రెండేళ్లకు, 1967 జూన్ 5న, ఇజ్రాయెల్ ఇదే పనిని దేశమంత పెద్దగా చేసి చూపింది. ముందు రన్‌వేలను గుంటలు చేసి, ఎగరలేక నిలిచిపోయిన ఈజిప్టు విమానాలను తర్వాత తీరిగ్గా కాల్చేసింది. ఈజిప్టు 300 దాకా విమానాలు పోగొట్టుకుంది. యుద్ధం ఆరు రోజులు నడిచినా తేలిపోయింది ఆ పూటే.

1971 డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ మన ఎయిర్‌బేస్‌ల మీద అలాంటి దెబ్బే తీయబోయింది. ఈసారి విమానాలు కాంక్రీటు గూళ్లలో, వేర్వేరు చోట్ల ఉన్నాయి కాబట్టి నష్టం స్వల్పం. బదులుగా మన మిగ్-21లు ఢాకాలోని తేజ్‌గావ్ రన్‌వేను 500 కిలోల బాంబులతో తవ్వేశాయి. నాలుగైదు రోజుల్లోపే తూర్పున పాకిస్తాన్ వైమానిక దళం ఎగరడం మానేసింది. ఆకాశం మనది కావడంతో మిగతాది సాధ్యమైంది: కోటల్లా కాచుకున్న పట్టణాలను పక్కన పెట్టి సైన్యం ఢాకా వైపు నడిచింది, జనరల్ సగత్ సింగ్ బలగాలు హెలికాప్టర్లలో మేఘనా నది దాటాయి, 11న టంగాయిల్‌లో పారాట్రూపర్లు దిగారు, 16న ఢాకా లొంగింది. మన దేశం చేసిన యుద్ధాల్లో ఆపరేషనల్ ఆర్ట్‌కు ఇంతకు మించిన ఉదాహరణ లేదు.

అదే యుద్ధంలో గుజరాత్‌లో జరిగింది నాకు ఇంకా ముఖ్యం. భుజ్ రన్‌వే బాంబులకు ధ్వంసమైతే మాధాపర్ ఊరి ఆడవాళ్లు 300 మంది దాకా వచ్చి 72 గంటల్లో బాగుచేశారు. బాంబర్లు మళ్లీ వస్తే పొదల్లో దాక్కుంటూ పని చేశారు. రన్‌వే ఎంత విలువైనదో, ఎంత సులువుగా పోతుందో వాళ్లకు తెలిసినంతగా ఏ పుస్తకమూ చెప్పలేదు.

రన్‌వే ఒక్కటే ఉంటే గురి కూడా ఒక్కటే. పది ఉంటే శత్రువు పదింటికీ బాంబులు పంచుకోవాలి. 1945లో జర్మన్లు తమ ఆటోబాన్‌ల (హైవేల) మీంచి విమానాలు ఎగరేశారు. స్వీడన్, ఫిన్లాండ్ ఆ పద్ధతిని ఏళ్ల తరబడి సాధన చేశాయి. మన దగ్గర 2015లో యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద మిరాజ్-2000 యుద్ధ విమానం దిగింది. 2021 సెప్టెంబర్‌లో రాజస్థాన్ బాడ్‌మేర్ దగ్గర జాతీయ రహదారి మీద తొలి ఎమర్జెన్సీ ల్యాండింగ్ స్ట్రిప్ ప్రారంభమైంది.

ఇక కొరిశపాడు ఎందుకంటే బంగాళాఖాతం కోసం. 2020 జనవరిలో తంజావూరులో బ్రహ్మోస్ క్షిపణి మోసే సుఖోయ్‌ల స్క్వాడ్రన్ పెట్టారు. దక్షిణాదిన సుఖోయ్‌లకు అదే మొదటిది. దాని పని ప్రధానంగా సముద్రం మీద. తంజావూరు నుంచి కలైకుండా దాకా పొడవైన తీరం. యుద్ధ సమయంలో ఉన్న బేస్‌ దెబ్బతింటే, లేదా గాల్లో ఉన్న విమానానికి ఇంధనం తగ్గితే దిగడానికి మధ్యలో చోటు కావాలి. తుపాను, వరద వచ్చినప్పుడు సహాయ సామగ్రి దించడానికీ అదే పనికొస్తుంది. 1977 దివిసీమ ఉప్పెన గుర్తున్న కోస్తాకు ఇది చిన్న విషయం కాదు.

కానీ ఇటీవలి యుద్ధాలు ఈ లెక్కకు కొత్త టెన్షన్ తెచ్చాయి. 2022 ఫిబ్రవరిలో రష్యా క్షిపణుల నుంచి ఉక్రెయిన్ వైమానిక దళం బతికి బయటపడింది విమానాలను అటూ ఇటూ చెదరగొట్టుకోవడం వల్లే. 2025 మే 10న మన దాడిలో పాకిస్తాన్‌లోని రహీమ్ యార్ ఖాన్ రన్‌వే మీద గొయ్యి పడింది. ఆ తర్వాత జూన్ 1న ఉక్రెయిన్ లారీల్లో దాచి తీసుకెళ్లిన డ్రోన్లను రష్యా లోపలే వదిలి, వేల కిలోమీటర్ల దూరంలోని బాంబర్లను తగలబెట్టింది. ఇప్పుడు దూరంగా ఉండటం, చెదిరి ఉండటం రెండూ చాలవు. దిగిన విమానానికి కాపలా కావాలి, డ్రోన్లను పడగొట్టే ఏర్పాటు కావాలి, గంటలోపు ఇంధనం నింపి ఆయుధాలు ఎక్కించి మళ్లీ ఎగరేసే మనుషులు కావాలి. అవన్నీ ముందే లారీల్లో కదిలి రావాలి.

అందుకే కొరిశపాడు దగ్గర అప్పుడప్పుడూ జరిగే ట్రయల్ రన్ చాలదని నేను గట్టిగా అనుకుంటున్నాను. పగలే కాదు, రాత్రిపూట కూడా సాధన జరగాలి. ట్రాఫిక్‌ను గంటలోపు ఏ ఊళ్ల మీదుగా మళ్లించాలో పోలీసులకు, చుట్టుపక్కల గ్రామాలకు ముందే తెలిసి ఉండాలి. గాయపడ్డవాళ్లను ఒంగోలు, గుంటూరు ఆసుపత్రులకు ఎటునుంచి తీసుకెళ్లాలో జిల్లా యంత్రాంగం రాసిపెట్టుకోవాలి. ఆ రోడ్డు కోసం ఖర్చు ఎలాగూ పెట్టాం కాబట్టి, దాన్ని వాడే అలవాటు కూడా ఇప్పుడే, ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే చేసుకోవాలి.