జన్యుశాస్త్రంలో పెద్ద అవార్డులు: పేర్ల వెనక ఉన్న పని గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

అక్టోబరులో నోబెల్ ప్రకటన వెలువడగానే రెండు మూడు ఫొటోలు, వాటి కింద ఒక్క వాక్యం వస్తాయి. ఆ వాక్యంలో పేరుంటుంది, ఫలితం ఉంటుంది, పని మాత్రం ఉండదు. ఏ జీవి మీద పనిచేశారు, దేన్ని లెక్కపెట్టారు, పొరపాటు జరగలేదని ఎలా తేల్చుకున్నారు? ఈ మూడూ తెలియనిదే జన్యుశాస్త్రవేత్త జీవితం అర్థం కాదు. ఈ రంగం గురించి తరచూ వినబడే మాటల్ని ఆ మూడు ప్రశ్నలతోనే పరీక్షించి చూద్దాం.

అపోహ: గొప్ప ఆవిష్కరణ ఒక్క రాత్రిలో మెరుపులా వస్తుంది

జాన్ సల్‌స్టన్ పనిని చూస్తే ఈ భ్రమ పోతుంది. ఆయన పనిచేసిన జీవి సీ. ఎలిగాన్స్ అనే నులిపురుగు. పొడవు ఒక మిల్లీమీటరు, గాజులా పారదర్శకం, మూడు రోజుల్లో ఒక తరం పూర్తి. దీన్ని ఎంచుకున్నది సిడ్నీ బ్రెన్నర్. లోపల ఒక్కో కణాన్ని బతికుండగానే చూడవచ్చు, పైగా ప్రతి పురుగులోనూ కణాలు ఒకే క్రమంలో విడిపోతాయి. ఒకే గుడ్డు నుంచి ఏ కణానికి ఏ కణం పుట్టిందో, మొత్తం వంశవృక్షం గీయాలన్నది సల్‌స్టన్ లక్ష్యం.

పిండాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, విడిపోతున్న కణాల్ని కంటితో వెంబడిస్తూ చేత్తో బొమ్మలు గీశారు. రోజుకు రెండు విడతలు, ఒక్కో విడత నాలుగు గంటలు, ఇలా ఏడాదిన్నర. ఒకే పిండంలో అన్ని కణాల మీదా కన్నేసి ఉంచడం ఎవరి వల్లా కాదు. అందుకే ఒక్కో పిండంలో కొన్ని కణాల్నే పట్టుకుని, చాలా పిండాల నుంచి వచ్చిన ముక్కల్ని అతికించారు. క్రమం ప్రతి పురుగులోనూ ఒకటే కాబట్టే ఆ అతుకులు నిలిచాయి. ఇందులో చిక్కెక్కడంటే, చనిపోయే కణాన్ని పక్క కణం చకచకా మింగేస్తుంది. ఆ కాసేపు చూపు తిప్పితే ఆ కణం అసలు పుట్టనే లేదని రాసుకుంటాం.

చివరికి తేలిన లెక్క ఇది: ద్విలింగ పురుగులో 1,090 శరీర కణాలు పుడతాయి, పెద్దదయ్యాక 959 మిగులుతాయి. తేడా 131. ఏ పురుగును చూసినా చనిపోయేవి అవే 131. అంటే చావు కూడా జన్యువుల ఆదేశమే. ఆ ఆదేశమిచ్చే జన్యువుల్ని రాబర్ట్ హార్విట్జ్ బృందం పట్టుకుంది. 2002లో బ్రెన్నర్, హార్విట్జ్, సల్‌స్టన్ ముగ్గురికీ నోబెల్ వచ్చింది.

ఒక్క రాత్రి కథ అనిపించేది కూడా ఒకటుంది. 1961 మే 27 తెల్లవారుజామున మార్షల్ నీరెన్‌బర్గ్ ప్రయోగశాలలో, జన్యు సందేశంలోని ఏ అక్షరాలు ఏ అమినో ఆమ్లాన్ని (ప్రోటీన్ కట్టే ఇటుకను) సూచిస్తాయో తేల్చడానికి హైన్రిక్ మాటై చేసిన ప్రయోగం. ఈ. కొలై బ్యాక్టీరియాను నూరి, కణం లేకుండానే ప్రోటీన్ తయారుచేయగల రసం తీశారు. అందులో యూ అక్షరం తప్ప మరొకటి లేని కృత్రిమ ఆర్ఎన్ఏ (జన్యు సందేశాన్ని మోసే పోగు) కలిపారు. ఏ అమినో ఆమ్లం ప్రోటీన్‌గా మారిందో తెలియడానికి దానికి రేడియోధార్మిక కార్బన్ గుర్తు పెట్టారు. ఆర్ఎన్ఏ కలపని గొట్టంలో రేడియోధార్మికత లెక్కింపు 44. కలిపిన గొట్టంలో 39,800. యూ-యూ-యూ అంటే ఫినైల్‌అలనిన్ అన్నమాట. ఈ అంకెల్లో నన్నడిగితే 44 గొప్పది. రసంలో అంతకుముందే ఉన్న సొంత ఆర్ఎన్ఏ కూడా ప్రోటీన్ చేస్తూనే ఉంటే ఈ తేడా కనబడేదే కాదు. ఆ నేపథ్యాన్ని అంత కిందికి దించడానికే నెలలు పట్టింది. ఆ రాత్రి దాని మీద కట్టిందే.

తర్వాతి దశలో హరగోవింద్ ఖొరానా అక్షరాల వరుస ముందే తెలిసిన ఆర్ఎన్ఏలను తయారుచేశారు. యూసీ-యూసీ-యూసీ అని సాగే పోగు పెడితే సెరిన్, ల్యూసిన్ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. మూడేసి అక్షరాలుగా, ఒకదానిపై ఒకటి పడకుండా చదువుతుందనడానికి ఇంతకంటే సూటి రుజువు లేదు. 1968లో ఖొరానా, నీరెన్‌బర్గ్, రాబర్ట్ హాలీలకు నోబెల్ ఇచ్చారు.

అపోహ: బార్బరా మెక్‌క్లింటాక్‌ను ముప్పై ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు

సగమే నిజం. 1931లోనే హారియెట్ క్రైటన్‌తో కలిసి, క్రోమోజోములు నిజంగానే ముక్కలు మార్చుకుంటాయని మొక్కజొన్నలో చూపించారు. 1944లో అమెరికా జాతీయ సైన్సు అకాడమీకి ఎన్నికయ్యారు. 1945లో అమెరికా జన్యుశాస్త్ర సంఘానికి అధ్యక్షురాలయ్యారు. ఇది పేరులేని మనిషి చరిత్ర కాదు. ఆదరణ దొరకనిది ఆమెకు కాదు, జన్యు ముక్కలు చోటు మారతాయన్న ఒక్క ప్రతిపాదనకు.

ఆమె చూసింది ఏమిటో దగ్గరగా చూస్తే ఆ చిక్కు అర్థమవుతుంది. మొక్కజొన్న గింజకు ఊదారంగునిచ్చే జన్యువు ఉంది. దాని మధ్యలో డీఎస్ అనే ముక్క దూరితే జన్యువు పాడై గింజ తెల్లబోతుంది. అదే గింజలో ఏసీ అనే మరో ముక్క ఉంటే, గింజ పెరిగే క్రమంలో కొన్ని కణాల నుంచి డీఎస్ బయటికి గెంతేస్తుంది. ఆ కణం సంతతిలో రంగు తిరిగొస్తుంది. తొందరగా గెంతితే పెద్ద మచ్చ, ఆలస్యంగా గెంతితే చిన్న చుక్క. గింజలోని పోషక కణజాలంలో క్రోమోజోములు మూడేసి ప్రతులుంటాయి కనుక ఏసీ సున్నా నుంచి మూడు వరకు ఎన్నైనా ఉండవచ్చు. ఏసీ ఎక్కువైన కొద్దీ గెంతడం ఆలస్యమై మచ్చలు చిన్నవవుతాయి. ఒక కంకి మీది చుక్కల పరిమాణం చూసి లోపల ఎన్ని ప్రతులున్నాయో ఆమె చదవగలిగేవారు.

1951లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ సదస్సులో ఇదంతా వివరించారు. మొక్కజొన్న సంకరణాల భాష తెలియనివారికి ఆ వాదన అందలేదు. పొలంలో పంట పండే దాకా ఆగాలి కాబట్టి మరొకరు చేసి చూసుకోవడం కూడా త్వరగా జరిగే పని కాదు. 1960ల చివర్లో బ్యాక్టీరియాలోనూ గెంతే ముక్కలు దొరికాక పరిస్థితి మారింది. 1983లో, 81 ఏళ్ల వయసులో, ఎవరితోనూ పంచుకోకుండా నోబెల్ అందుకున్నారు.

అపోహ: ఈగలు, పురుగుల మీద పరిశోధనతో మనిషికి ఒరిగేదేమీ లేదు

క్రిస్టియానే న్యూస్లైన్-ఫోల్‌హార్డ్, ఎరిక్ వీషౌస్ హైడెల్‌బర్గ్‌లో పండ్ల ఈగలకు ఉత్పరివర్తన రసాయనం పెట్టి, పిండంలో ఖండాల అమరిక చెడినవాటిని వేల సంఖ్యలో పరీక్షించారు. ఇద్దరూ ఒకేసారి చూడగల జంట సూక్ష్మదర్శిని వాడారు. ప్రతి పిండాన్నీ ఇద్దరు చూస్తేనే ఏది నిజమైన లోపమో, ఏది యాదృచ్ఛికంగా దెబ్బతిన్నదో అక్కడికక్కడే తేలుతుంది. 1980 నాటి పత్రంలో 15 జన్యువుల్ని వర్గీకరించారు. వాటిలో హెడ్జ్‌హాగ్, ప్యాచ్డ్ ఉన్నాయి. ప్యాచ్డ్‌కు మనిషిలో సాటి అయిన జన్యువు చెడితే బేసల్ సెల్ అనే చర్మ క్యాన్సర్ వస్తుందని 1996లో తేలింది. ఆ జన్యువులు పనిచేసే సంకేత మార్గాన్ని ఆపే విస్మోడెగిబ్ మందుకు 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఈగ పిండానికీ ఆ మాత్రకూ మధ్య 32 ఏళ్లు.

అపోహ: జన్యువు దొరికిందంటే మందు దొరికినట్టే

ఈ మాట కుటుంబాలకు తప్పుడు ఆశ పెడుతుంది. అందుకే కాస్త నిదానంగా చెప్పాలి.

మెదడును క్రమంగా దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు హంటింగ్టన్ వ్యాధి జన్యువు నాలుగో క్రోమోజోము మీద ఉందని 1983లో తెలిసింది. వెనెజువెలాలో మారకైబో సరస్సు దగ్గరి పెద్ద కుటుంబాల రక్తనమూనాలను నాన్సీ వెక్స్‌లర్ బృందం సేకరించడం అందుకు ఎంతో తోడ్పడింది. అయితే దొరికింది జన్యువు కాదు, దాని పక్కనుండే గుర్తు మాత్రమే. ఊరు తెలిసింది, ఇల్లు తెలియలేదు. గుర్తుకూ జన్యువుకూ మధ్య క్రోమోజోము తెగి అతుక్కున్న వ్యక్తుల్ని బట్టి పరిధిని కుదించుకుంటూ పోవాలి. అలాంటి వ్యక్తులు కొద్దిమందే. వాళ్లలోనూ కొందరి ఫలితాలు ఒకదానికొకటి పొసగక, వెతుకులాట కొన్నేళ్లు క్రోమోజోము కొసవైపు తప్పుదారి పట్టింది. అసలు జన్యువు 1993లో దొరికింది. సీఏజీ అనే మూడక్షరాలు అందులో పదే పదే వస్తాయి. 26 దాకా ఉంటే మామూలు. 40, అంతకు మించితే వ్యాధి తప్పదు. 36 నుంచి 39 మధ్య కొందరికి వస్తుంది, కొందరికి రాదు. పరీక్ష కచ్చితంగా వచ్చింది. వ్యాధిని నయం చేసే మందు రాలేదు.

సికిల్ సెల్ వ్యాధిది మరో పాఠం. హిమోగ్లోబిన్‌లో ఒకే ఒక్క అమినో ఆమ్లం, గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలిన్, మారిందని వెర్నన్ ఇన్‌గ్రామ్ 1950లలోనే చూపారు. డీఎన్ఏను కోరుకున్న చోట కోసే క్రిస్పర్ పద్ధతితో చేసే తొలి చికిత్సకు బ్రిటన్‌లో, అమెరికాలో అనుమతి వచ్చింది 2023 చివర్లో. అది కూడా చాలామంది అనుకునేట్టు జన్యువులోని తప్పు అక్షరాన్ని సరిచేయదు. పిండదశ హిమోగ్లోబిన్‌ను ఆపివేసే బీసీఎల్11ఏ అనే జన్యువును రక్తకణాల్లో నడిపించే స్విచ్చును కోస్తుంది. దాంతో పుట్టాక ఆగిపోయే పిండదశ హిమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది. రోగి మూలకణాల్ని బయటికి తీసి, కోసి, తిరిగి ఎక్కించే ముందు ఎముక మజ్జను బలమైన కీమోథెరపీతో ఖాళీ చేయాలి. ఎమాన్యుయెల్ షార్పెంటియే, జెన్నిఫర్ డౌడ్నాలకు క్రిస్పర్‌కుగాను 2020లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చినప్పుడు చాలా వార్తల్లో ఈ భాగం కనబడలేదు.

అపోహ: అంత పెద్ద శాస్త్రవేత్తల ఫలితాల్లో తప్పుండదు

స్వాంటె పేబోకు 2022లో నోబెల్ వచ్చింది. ఆయన 1985లో ఈజిప్టు మమ్మీ నుంచి డీఎన్ఏ తీశానంటూ పత్రం ప్రచురించారు. అది చాలావరకు నేటి మనుషుల డీఎన్ఏయే అయ్యుండాలని తర్వాత తేలింది. 2006లో ఆయన బృందం ప్రకటించిన నియాండర్తల్ (అంతరించిన ఒక మానవజాతి) డీఎన్ఏ వరుసల్లోనూ కలుషితం ఉందని మరుసటి ఏడాదే ఇతరులు చూపారు. ఆయన గొప్పతనం ఆ తప్పుల్ని ఒప్పుకుని, కలుషితాన్ని పట్టే పద్ధతుల్ని ఒక శాస్త్రంగా మలచడంలో ఉంది.

పాత ఎముకలో దొరికే డీఎన్ఏలో 95 శాతానికి పైగా సూక్ష్మజీవులదే కావచ్చు. మిగిలింది వంద అక్షరాలకు మించని తునకలు. తవ్వినవారి చెమటచుక్క, తుమ్ము చాలు దాన్ని ముంచెత్తడానికి. అందుకని బయటి గాలి లోపలికి చొరబడకుండా గదిలో గాలి ఒత్తిడి పెంచుతారు, బల్లల్ని బ్లీచింగ్ ద్రావణంతో తుడుస్తారు, రాత్రంతా అతినీలలోహిత దీపాలు వెలిగిస్తారు. ప్రతి విడతలో ఎముక పొడి వేయని ఖాళీ గొట్టాన్ని కూడా అన్ని దశలూ దాటిస్తారు. అందులో డీఎన్ఏ కనబడితే ఆ విడత మొత్తాన్నీ అనుమానించాలి. 2006 దెబ్బ తర్వాత, శుభ్రమైన గదిలో ఉండగానే తునకల కొసలకు ప్రత్యేక గుర్తు అంటించడం మొదలుపెట్టారు. ఆ గుర్తు లేనిదేదైనా తర్వాత దారిలో కలిసిందన్నమాట. చివరి పరీక్ష డీఎన్ఏలోనే ఉంది. కాలం గడిచేకొద్దీ తునకల కొసల్లో సీ అక్షరం చెడి, టీగా చదవబడుతుంది. కొసల్లో ఆ మార్పులు పెరగకపోతే, చేతిలో ఉన్నది పాతది కాదు. 2010లో ఇదే కట్టుదిట్టంతో నియాండర్తల్ జీనోమ్ (మొత్తం డీఎన్ఏ వరుస) ముసాయిదా వచ్చింది. అదే ఏడాది సైబీరియా గుహలో దొరికిన వేలి ఎముక నుంచి డెనిసోవన్లు అనే మరో అంతరించిన మానవజాతి బయటపడింది.

అపోహ: రోజలిండ్ ఫ్రాంక్లిన్‌కు నోబెల్ నిరాకరించారు

ఆమె 1958 ఏప్రిల్‌లో, 37 ఏళ్లకే చనిపోయారు. డీఎన్ఏ నిర్మాణానికి వాట్సన్, క్రిక్, విల్కిన్స్‌లకు బహుమతి ఇచ్చింది 1962లో. బతికుండగా ఆమెను ఎవరూ ప్రతిపాదించలేదు. వాట్సన్, క్రిక్ ప్రతిపాదనలూ 1960లోనే మొదలయ్యాయి. ఆమెకు అన్యాయం జరగలేదని దీనర్థం కాదు. ఆమె ప్రయోగశాలలో తీసిన డీఎన్ఏ ఎక్స్-రే చిత్రం, ఫొటో 51, ఆమెకు తెలియకుండా వాట్సన్ చేతికి చేరింది. అన్యాయం జరిగింది 1953లో, ఘనత పంచిన తీరులో. ఆ ఫొటో తీసింది ఆమె పర్యవేక్షణలోని విద్యార్థి రేమండ్ గోస్లింగ్ అని ఎంతమందికి తెలుసు?

అపోహ: మానవ జీనోమ్ ప్రాజెక్టుకు నోబెల్ వచ్చింది

రాలేదు. ఒక్కో సైన్సు బహుమతిని ముగ్గురికి మించి పంచకూడదు. ఆ ప్రాజెక్టులో అనేక దేశాల వందలమంది ఉన్నారు. దాని నాయకుల్లో ఒకరైన సల్‌స్టన్‌కు వచ్చిన నోబెల్ పైన చెప్పిన పురుగు పనికే. 2003లో ముగిసిందన్న జీనోమ్‌లో దాదాపు 8 శాతం 2022 దాకా పూర్తికాలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. అసలు జన్యుశాస్త్రానికంటూ విడిగా నోబెల్ లేదు. వైద్యంలోనో రసాయనశాస్త్రంలోనో వస్తుంది. అందుకే ఈ రంగం నాడి తెలియాలంటే గ్రూబర్ జన్యుశాస్త్ర బహుమతి, థామస్ హంట్ మోర్గాన్ పతకం, లాస్కర్ అవార్డుల జాబితాల్ని కూడా తిరగేయాలి. రొమ్ము క్యాన్సర్ జన్యువు 17వ క్రోమోజోము మీద ఉందని 1990లో చూపిన మేరీ-క్లెయిర్ కింగ్ అక్కడ కనబడతారు, నోబెల్ జాబితాలో కనబడరు.

అపోహ: అవార్డు పొందినవారే ఆ పని చేసినవారు

పత్రం తెరిచి రచయితల వరుస చూడండి. మన రంగంలో మామూలుగా మొదటి పేరు బల్ల దగ్గర పనిచేసినవారిది, చివరి పేరు ప్రయోగశాల అధిపతిది. యూ-యూ-యూ గొట్టాలు నడిపిన మాటై 1968 బహుమతిలో లేరు. వైరస్‌లో వారసత్వం మోసేది డీఎన్ఏయేనని 1952లో ఆల్ఫ్రెడ్ హెర్షీతో కలిసి చూపిన మార్తా చేజ్, 1969లో హెర్షీకి వచ్చిన బహుమతిలో లేరు. మైక్రోఆర్ఎన్ఏకు 2024లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్‌లకు నోబెల్ ఇచ్చారు. లిన్-4 జన్యువు ప్రోటీన్ చేయదని, 22 అక్షరాల చిన్న ఆర్ఎన్ఏను చేస్తుందని చెప్పిన ఆంబ్రోస్ బృందం 1993 పత్రంలో మొదటి పేరు రోజలిండ్ లీ, రెండోది రోండా ఫైన్‌బామ్, మూడోది ఆంబ్రోస్. నోబెల్ కమిటీ ప్రకటనతో పాటు విడుదల చేసే శాస్త్రీయ నేపథ్య పత్రంలో ఇలాంటి మూల పత్రాల వివరాలుంటాయి. ఫొటోల పేజీ దాటి దాన్ని తెరిస్తే, ఏ ప్రయోగం దేని తర్వాత వచ్చిందో, ఎవరు ఎక్కడ చేశారో వరుసగా దొరుకుతుంది.