గాయాలు మాన్పే మొక్కలు: అపోహలు - వాస్తవాలు

పొలంలో కొడవలితో వేలు తెగితే గడ్డి చామంతి ఆకు నలిపి పసరు పిండిన చేతులను చూస్తూ పెరిగి, తరువాత అటువంటి ఆకుల సారాలను ప్రయోగశాలలో పరీక్షించడమే వృత్తిగా చేసుకున్నాను. ఆ ఆకులపై నాకున్న ప్రేమ వల్లనే వాటి గురించి ఎక్కువ చేసి చెప్పే మాటలను సరిదిద్దాలనిపిస్తుంది.

అపోహ: పసుపు గాయాన్ని మాన్పుతుందని పేటెంటు వివాదంలోనే రుజువైంది.

వాస్తవం: గాయాలు మాన్పడానికి పసుపు వాడటంపై మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి 1995లో అమెరికా ఇచ్చిన పేటెంటును మన దేశపు శాస్త్ర పరిశోధనా మండలి సీఎస్‌ఐఆర్ సవాలు చేసి, 1997లో రద్దు చేయించింది. అక్కడ తేలింది ఆ వాడుక కొత్తది కాదని మాత్రమే. ఏ గాయానికి, ఎంత మోతాదులో, ఎంతవరకు పనిచేస్తుందన్నది ఆ వివాదంలో తేల్చవలసిన ప్రశ్నే కాదు. పసుపులోని ముఖ్య పదార్థం కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు, వెలుతురుకు చెడిపోతుంది. అందుకే దానిని అతిసూక్ష్మమైన నానోకణాల్లోనో, నీటిని పట్టి ఉంచే మెత్తని హైడ్రోజెల్‌లోనో ఇమిడ్చి, గాయం మీద నెమ్మదిగా విడుదలయ్యేలా చేసే ప్రయత్నాలు నేడు ముమ్మరంగా సాగుతున్నాయి.

అపోహ: ఎలుకకు మానిన గాయం మనిషికీ మానుతుంది.

వాస్తవం: ఈ అపోహ పరిశోధకుల్లోనూ ఉండటం నన్ను ఎక్కువగా బాధిస్తుంది. ఎలుక చర్మం కింద ఉండే పలుచని కండర పొర గాయం అంచులను దగ్గరకు లాగేస్తుంది కనుక, దాని గాయం చాలావరకు ముడుచుకొనే మూసుకుంటుంది. మనిషిలోనైతే అడుగు నుంచి కొత్త కణజాలం నిండి, దానిమీద చర్మపు పొర పరుచుకోవడమే ముఖ్యం. అంచులు ముడుచుకోకుండా చుట్టూ సిలికాన్ వలయం కుట్టి పరీక్షించే పద్ధతి ఉన్నా, అది లేకుండానే సారం పూసి, గాయం వైశాల్యం కొలిచి, మందు దొరికిందని రాసేస్తున్నారు. ఆరోగ్యంగా ఉన్న ఎలుక వీపు మీద కోసిన గాటు, ఏళ్ల తరబడి మధుమేహం ఉన్న మనిషి అరికాలి పుండు ఒకటి కావు.

అపోహ: కలబంద మేలు చేయకపోయినా కీడు చేయదు.

వాస్తవం: శస్త్రచికిత్స కోత మానక ఇబ్బందిపడిన స్త్రీలపై 1991లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనంలో, మామూలు చికిత్సతో సగటున 53 రోజుల్లో మానిన గాయాలకు, కలబంద జెల్ కూడా వాడినప్పుడు 83 రోజులు పట్టింది.

అపోహ: మొక్కల మందులు ఆధునిక పరీక్షలకు నిలవవు.

వాస్తవం: కాస్త తాకిడికే చర్మం పొక్కులెక్కే జన్యువ్యాధి ఉన్న 223 మందిపై బర్చ్ చెట్టు బెరడు సారంతో చేసిన జెల్‌ను పరీక్షించగా, 45 రోజుల్లో ఎంచుకున్న గాయం పూర్తిగా మూసుకున్నవారు మందు వాడిన వర్గంలో సుమారు 41 శాతం, మందులేని జెల్ వాడిన వర్గంలో 29 శాతం. ఆ మందుకు 2022లో ఐరోపా, 2023లో అమెరికా అనుమతి ఇచ్చాయి. మన గట్ల మీది గడ్డి చామంతికి కూడా ఇంతటి పరీక్ష జరగాలని నా కోరిక. అంతవరకు నూరిన పచ్చి ఆకును లోతైన గాయంలో కూరవద్దు. దానికి అంటిన మట్టిలో ధనుర్వాతం కలిగించే సూక్ష్మజీవుల బీజాలు ఉండవచ్చు.