తాతయ్య పెట్టె, రెండు వరసల నోటుపుస్తకం

చిరంజీవులకు ఆశీస్సులు.

సైన్యంలో ఇరవై, ముప్పై ఏళ్లు చేసిన తాతయ్య కాలం చేశాక ఇంట్లో మిగిలేవి ఒక పెట్టె, నాలుగైదు పతకాలు, గోడమీద యూనిఫారం ఫొటో. ఆయన గురించి రాద్దామని కూర్చున్న పిల్లలు ముందు పతకాల జోలికే వెళ్తారు. వాటిని కాసేపు పక్కన పెట్టండి. పెద్ద నోటుపుస్తకం తీసుకుని పేజీ మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు ఉద్యోగం: చేరిన తేదీ, సర్వీసు నంబరు, రెజిమెంటు, ఎక్కడ ఎన్నాళ్లు, ఎప్పుడు ఏ ర్యాంకు. కుడివైపు ఇల్లు: పెళ్లి, పిల్లల పుట్టుకలు, వాళ్లు మారిన బడులు, అమ్మానాన్నల మరణాలు. ఏడాదికి అర పేజీ వదలండి.

రెండు వరసలూ పక్కపక్కన ఉంటే తప్ప ఆయన కనిపించడు. సెలవు మొదలైన తేదీని కూతురు పుట్టిన తేదీ పక్కన పెడితే, బిడ్డను మొదటిసారి ఎన్నో నెలలో ఎత్తుకున్నాడో తేలుతుంది. ఆ లెక్క ఏ ఆఫీసు ఫైల్లోనూ ఉండదు. పిల్లలు ఏడేళ్లలో నాలుగుసార్లు బడి మారారు, ఎడమ వరసలో మూడే బదిలీలు ఉన్నాయి అనుకోండి. ఒక బదిలీ మీకింకా దొరకలేదన్నమాట. లేదా కుటుంబాన్ని వెంట తీసుకెళ్లడానికి వీల్లేని చోటికి ఆయన వెళ్తే, మీ నాయనమ్మ పిల్లల్ని తీసుకుని పుట్టింటికి చేరి ఉంటుంది. ముందు ఆవిడనే అడగండి.

ఫైళ్లన్నీ ప్రభుత్వం దగ్గర భద్రంగా ఉంటాయిలే అనుకోకండి. 1940 సెప్టెంబరులో లండన్ మీద బాంబులు పడి, మొదటి ప్రపంచయుద్ధపు బ్రిటిష్ సైనికుల కాగితాల్లో సగానికి పైగా కాలిపోయాయి. 1973 జులై 12న అమెరికాలోని సెయింట్ లూయీలో రికార్డుల భవనం అంటుకుని కోటీ అరవై లక్షలకు తక్కువ కాకుండా ఫైళ్లు బూడిదయ్యాయి. అలాంటప్పుడు ఇంట్లో దాచిన డిశ్చార్జి కాగితమే, అంటే సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చినదే, ఆధారం.

ఆ కాగితాల్లోనూ తికమకలుంటాయి. పుట్టినతేదీ ఒకచోట ఒకలా, మరోచోట మరోలా ఉంటే కంగారు పడొద్దు. చేరేటప్పుడు వయసు పెంచో తగ్గించో చెప్పినవాళ్లు చాలా సైన్యాల్లో ఉన్నారు. రెండు తేదీలూ రాసి, ఏది ఏ కాగితంలోదో పక్కనే వేయండి. 5/8 అని ఉంటే అది ఆగస్టు ఐదో, మే ఎనిమిదో తేలేదాకా పెన్సిలుతోనే రాయండి.

ఇక పతకాలు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఛాతీ మీద ఉన్న ప్రతిదీ శౌర్యానికి ఇచ్చింది కాదు. ఫలానా కాలంలో ఫలానా ప్రాంతంలో పనిచేసినందుకు అందరికీ ఇచ్చేవి, ఇన్నేళ్లు మచ్చలేకుండా చేసినందుకు ఇచ్చేవే ఎక్కువ. అందులో చిన్నతనమేమీ లేదు. లేని శౌర్యం అంటగడితేనే ఆయనకు చిన్నతనం. చాలా సైన్యాల్లో ఛాతీ మధ్యకు దగ్గరగా ఉన్నదే పెద్దది. కొన్ని దేశాల పతకాల అంచుమీద నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. భూతద్దంతో చూడండి. ఆ ర్యాంకు అప్పటిది, రిటైరైనప్పటిది కాదు. పాలిష్ మాత్రం పెట్టొద్దు. రుద్దిన ప్రతిసారీ లోహం కొంత పోతుంది, ఆ అక్షరాలూ అరిగిపోతాయి.

ఉత్తరాలను కవర్లలోంచి తీసి కుప్ప పోయకండి. యుద్ధ సమయంలో రాసిన ఉత్తరంలో ఊరి పేరు ఉండకపోవచ్చు, ఉత్తరాలు ముందే చదివి రహస్యాలు కొట్టేసే సెన్సారు ఉండేది కదా. అప్పుడు కవరు మీది తపాలా ముద్రే దారి చూపిస్తుంది. గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు మెల్లగా తీసేయండి. తుప్పు కాగితాన్ని తినేస్తుంది. చిరిగినచోట సెల్లోటేపు అంటించొద్దు, కొన్నేళ్లకు ఆ జిగురు పసుపు మరకై కూర్చుంటుంది.

ఫొటోలను రెండువైపులా స్కాన్ చేయండి. చిన్నవైతే అంగుళానికి 600 చుక్కలు పెట్టండి. ఫైలు పేరు 1968-05-00 లాగా ఏడాదితో మొదలవ్వాలి. తేదీ తెలియకపోతే సున్నాలే. పేర్లు రాయాలంటే వెనక అంచున మెత్తటి పెన్సిలుతో, నొక్కకుండా. బాల్‌పెన్ గీత ముందువైపు ముఖం మీద తేలుతుంది. నున్నటి ప్లాస్టిక్ పూత కాగితం మీద పెన్సిలు నిలవదు. అలాంటప్పుడు కవరు మీద రాయండి. పేరుపట్టీ అక్షరాలు తిరగబడి కనిపిస్తే ఫొటోను అద్దంలో బొమ్మలా కడిగారని అర్థం. పతకాలు కుడివైపు ఉన్నాయని దాన్నిబట్టి రాసేయకండి.

ఉన్ని యూనిఫారంలో పురుగు పడితే గట్టిగా మూసిన సంచిలో పెట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒకరోజంతా సంచి విప్పొద్దు. చల్లటి గుడ్డమీద తేమ పడుతుంది. హ్యాంగరుకు వేలాడదీస్తే బరువుకు భుజాలు సాగుతాయి. పెట్టెలో పరిచి, మడతల్లో తెల్ల నూలుగుడ్డ చుట్టలు పెట్టండి.

నాయనమ్మను అడిగేటప్పుడు ఒక్కో విడత నలభై నిమిషాలు దాటనివ్వకండి. రికార్డింగు పెట్టే ముందు ఆవిడకు చెప్పండి. ‘యుద్ధంలో ఏం జరిగింది’ అనకుండా, ‘బదిలీ ఆర్డరు వస్తే సామాను సర్దడానికి ఎన్ని రోజులు దొరికేవి, ఏవి వదిలేసేవారు’ అని అడగండి. ‘ఇంటికొచ్చిన మొదటి వారం ఆయన నిద్ర ఎలా ఉండేది’ అనే ప్రశ్న ఆవిడ తనంతట తాను ఆ దిక్కుకు వచ్చేదాకా ఆపండి. చెప్పనంటే కుడి వరసలో ఆ గడి ఖాళీగానే ఉంచండి.

ఆశీస్సులతో,
మీ పెద్దతాత