ముసురులో జీపుకు రంగు వేస్తే ఎందుకు తెల్లబడుతుంది?

ఇచ్ఛాపురం నుంచి ఒక పాఠకుడు రాశారు. పాత జీపు ఒకటి కొని, పై టాపు పీకేసి, టింకరింగ్ పనంతా ఇంటి వెనక షెడ్డులో తనే చేసుకున్నారట. రంగు దగ్గరికి వచ్చేసరికి చేతిలో డబ్బులు పలచబడ్డాయి. బరంపురం వెళ్లి తక్కువ ధరలో ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) నల్ల రంగు, దాన్ని పలచబరచడానికి లూజుగా అమ్మే థిన్నర్ తెచ్చుకున్నారు. కంప్రెసర్ అద్దెకు తీసుకుని శ్రావణమాసంలో ఒక సాయంత్రం కొట్టారు. పది నిమిషాలు తిరక్కుండానే బానెట్ నిండా తెల్లటి మసక పట్టింది. ఆదిలాబాద్‌లో ఉండే ఆయన బావగారు అదే కంపెనీ రంగును, అలాంటి థిన్నర్‌తోనే, ఏప్రిల్‌లో తన మోటార్ సైకిల్ ట్యాంకుకు కొట్టుకుంటే నిగనిగలాడుతూ వచ్చిందట. 'చవక రంగు కాబట్టి ఇలా అయిందా? వీధిలో పెద్దవాళ్లు దిష్టి తగిలిందంటున్నారు' అని అడిగారు.

దిష్టికి నల్ల రంగు మీద అంత పగ ఉండటానికి కారణం కనపడదు. జీపుకు తెల్ల రంగు కొట్టి ఉంటే ఇదే మసక వచ్చేది, కాకపోతే ఎవరి కంటా పడేది కాదు. నిమ్మకాయ, మిరపకాయలు కట్టుకుంటే నాకేం అభ్యంతరం లేదు, రంగుకీ లేదు. అసలు దోషి గాలిలో ఉన్న నీరు. దానికి సాయం పట్టింది థిన్నర్. ఆ సాయం ఎలా జరిగిందో అర్థం కావాలంటే ముందు మట్టికుండ దగ్గరికి వెళ్లాలి.

కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో స్కూల్లో అందరం చదువుకున్నాం. మట్టి రంధ్రాల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ కుండ నుంచి వేడిని పట్టుకుపోతుంది. పరీక్షలో రెండు మార్కులు. కానీ అదే కుండ వానాకాలంలో ఎందుకు చల్లబరచదని ఏ మాస్టారూ అడగగా నేను వినలేదు. నిజానికి పాఠం అక్కడే మొదలవ్వాలి. గాలిలో అప్పటికే నీటి ఆవిరి నిండి ఉంటే కుండ మీది నీరు లేచి వెళ్లడానికి చోటుండదు. 40 డిగ్రీల ఎండలో, గాలిలో తేమ 20 శాతం ఉన్న ఆదిలాబాద్ మధ్యాహ్నం, తడి వస్తువు లెక్క ప్రకారం 23 డిగ్రీల దాకా దిగగలదు. 30 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్న ఇచ్ఛాపురం సాయంత్రం మహా అయితే 28 దాకా దిగుతుంది. రెండంటే రెండు డిగ్రీలు. అందుకే సముద్రం పక్క ఊళ్లలో ముసురు పట్టినప్పుడు కుండ నీళ్లు తాగితే కుళాయి నీళ్లు తాగినట్టే ఉంటుంది.

ఇప్పుడు కుండలో నీళ్లకు బదులు థిన్నర్ ఉందనుకోండి. థిన్నర్‌లో అసిటోన్, ఇథైల్ అసిటేట్, టాల్యూయిన్ లాంటివి ఉంటాయి. గాలి నిండా నీటి ఆవిరి ఉంటే ఉండనీ, అసిటోన్ ఆవిరి మాత్రం సున్నా. నీరు లేవడానికి అడ్డుపడ్డ తేమ, అసిటోన్‌కు అడ్డే కాదు. ఎండాకాలమైనా ముసురైనా అది ఒకే ఊపున ఎగిరిపోతుంది. 30 డిగ్రీల దగ్గర అసిటోన్ ఆవిరి పీడనం, అంటే ఆవిరై లేచే ఒత్తిడి, నీటికి దాదాపు తొమ్మిది రెట్లు. గ్రాముకు అది పట్టుకుపోయే వేడి నీటితో పోలిస్తే ఐదో వంతుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది, నిజమే. కానీ ఎగిరే వేగం ఎక్కువ కాబట్టి చల్లబరచడం చాలా జోరుగా సాగుతుంది. అంటే ఏ రోజు మట్టికుండ చేతులెత్తేస్తుందో ఆ రోజు కూడా థిన్నర్ కుండ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మన కష్టమంతా దీంతోనే.

ఇంకో ముక్క కూడా ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ఏ గాలికైనా ఒక ఉష్ణోగ్రత ఉంటుంది. వస్తువు దానికన్నా చల్లబడితే గాలిలోని ఆవిరి నీటి చుక్కలుగా దాని మీద కూర్చుంటుంది. దాన్ని డ్యూ పాయింట్ అంటారు. మట్టికుండ ఎంత ప్రయత్నించినా తన చుట్టూ ఉన్న గాలి డ్యూ పాయింట్ కన్నా కిందికి దిగలేదు. ఆ గీత దగ్గరికి చేరేకొద్దీ నీరు ఆవిరవడం తగ్గిపోయి చల్లబడటం ఆగిపోతుంది. నీటికి నీరే కళ్లెం. థిన్నర్‌కు ఆ కళ్లెం లేదు. గీత ఎక్కడుందో దానికి తెలియదు, దాటి కిందికి వెళ్లిపోతుంది. దాటిన క్షణం నుంచి, తడిగా ఉన్న రంగు మీద గాలిలోని నీరు దిగడం మొదలవుతుంది.

ఆ గీత ఎంత దూరంలో ఉంది? 30 డిగ్రీలు, 85 శాతం తేమ అయితే డ్యూ పాయింట్ 27 డిగ్రీల పైచిలుకు. మూడు డిగ్రీల దూరం కూడా లేదు. అదే 40 డిగ్రీలు, 20 శాతం తేమ అయితే 13 డిగ్రీలు. ఇరవై ఏడు డిగ్రీల దూరం. బావగారి ట్యాంకు అంత లోతుకు చల్లబడే ప్రశ్నే లేదు.

బానెట్ ఎంత చల్లబడుతుందో కాగితం మీద లెక్క వేసి చూద్దాం. ఒక మిల్లీమీటరు మందం రేకు ఒక చదరపు మీటరుకు 7.85 కిలోలు తూగుతుంది. దాన్ని ఒక డిగ్రీ దించాలంటే దాదాపు 3.7 కిలోజౌళ్లు లాగాలి. ఒక కోటు తడిగా కొడితే చదరపు మీటరుకు 60 గ్రాముల థిన్నర్ పడిందనుకుందాం. గ్రాముకు 0.4 కిలోజౌళ్ల చొప్పున 24 కిలోజౌళ్లు. అంతా రేకు నుంచే లాగితే ఆరు డిగ్రీల పైన దిగుతుంది. నిజానికి చుట్టూ ఉన్న గాలి కొంత వేడిని తిరిగి ఇస్తుంది కాబట్టి అంత ఉండదు. కానీ మనకు కావాల్సింది మూడే! పైగా రంగు తుంపర స్ప్రే గన్ నుంచి రేకు దాకా ప్రయాణిస్తూనే కొంత చల్లబడి వస్తుంది. పెద్ద పరిశ్రమల్లో పెయింటు వేసేవాళ్లకు ఒక నియమం ఉంది: రేకు డ్యూ పాయింట్ కన్నా కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉండాలి. తనంతట తానే రేకును చల్లబరిచే ఎన్.సి. రంగుకు ఆ మూడు చాలవు.

నీరు దిగితే తెల్లబడటం ఎందుకు? ఎన్.సి. అంటే నైట్రోసెల్యులోజ్, పత్తి పీచును నైట్రిక్ ఆమ్లం, గంధకామ్లంతో మార్చిన పదార్థం. 1846లో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని పేలుడు పదార్థంగా బయటపెట్టారు. 1920ల్లో డూపాంట్ కంపెనీ దీనితోనే కార్లకు డ్యూకో రంగు చేసింది. వార్నిష్ ఆరడానికి వారాలు పట్టే రోజుల్లో ఇది గంటల్లో ఆరింది. ఇది అసిటోన్‌లో, ఇథైల్ అసిటేట్ లాంటి ఎస్టర్లలో కరుగుతుంది, నీటిలో కరగదు. రంగు పొరలో నీరు కలిసేసరికి, పైగా మంచి ద్రావకాలు ముందే ఎగిరిపోయేసరికి, నైట్రోసెల్యులోజ్ కరిగి ఉండలేక పొరలోనే విరిగిపోతుంది. తర్వాత నీరూ పోతుంది, అది ఉన్న చోట సూక్ష్మమైన గాలి గుంటలు మిగులుతాయి. వెలుగును ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం నైట్రోసెల్యులోజ్‌కు 1.5, గాలికి 1. వెలుగు ఒక దానిలోంచి ఇంకో దానిలోకి దూరే ప్రతి చోటా చెదురుతుంది. అన్ని రంగులూ ఒకేలా చెదిరితే మన కంటికి తెలుపే. అంటే బానెట్ మీద తెల్లటి పదార్థం ఏదీ లేదు, ఉన్నవన్నీ ఖాళీలే.

అందుకే దీన్ని బాగు చేయొచ్చు. ఎన్.సి. రంగు ఆరడం అంటే ద్రావకం పోవడమే, అందులో రసాయన చర్య ఏమీ లేదు. ద్రావకం మళ్లీ ఇస్తే మళ్లీ కరుగుతుంది. రిటార్డర్ అని నిదానంగా ఎగిరే ద్రావకం పెయింటు షాపుల్లో దొరుకుతుంది. వాటిలో తరచూ వాడే బ్యూటైల్ సెల్లోసాల్వ్ మరిగే ఉష్ణోగ్రత 171 డిగ్రీలు, అసిటోన్‌ది 56. పొడి ఎండ ఉన్న రోజు చూసి, రిటార్డర్ కలిపిన థిన్నర్‌ను తెల్లబడిన చోట పలచగా, మంచు పట్టినంత మాత్రంగా స్ప్రే చేస్తే పై పొర కరిగి, గుంటలు పూడి, నలుపు తిరిగి వస్తుంది. మొదటిసారి చూసినవాళ్లకు ఇది మాయలా ఉంటుంది. చేతి జోరు ఎక్కువైతే మాత్రం రంగు కారిపోతుంది.

చవక వల్లేనా అన్న ప్రశ్నకు నా జవాబు: తప్పు రంగు డబ్బాది కాదు, థిన్నర్ డబ్బాది. లూజు థిన్నర్‌లో త్వరగా ఎగిరే సరుకు ఎక్కువగా ఉంటుంది, తొందరగా ఆరుతోందని కొన్నవాడికీ సంతోషమే. రంగులో డబ్బు మిగుల్చుకుని ఆ మిగిలిన దానిలో కొంత మంచి థిన్నర్ మీద పెట్టండి. మధ్యాహ్నం పదకొండు, రెండు మధ్య కొట్టండి, ఆ వేళ గాలి వేడెక్కి తేమ శాతం తగ్గుతుంది. బానెట్‌ను ముందు కాసేపు ఎండలో పెట్టి షెడ్డులోకి తెస్తే గీతకూ రేకుకూ మధ్య దూరం ఇంకాస్త పెరుగుతుంది. కంప్రెసర్ ట్యాంకు అడుగున ఉన్న కాక్ తిప్పి నీరు దింపేయండి. గాలిని నొక్కినప్పుడు అందులోని ఆవిరి నీరై అక్కడ చేరుతుంది, వదిలేస్తే గొట్టంలోంచి నేరుగా రంగులోకి వస్తుంది.

డ్యూ పాయింట్ ఇంట్లోనే కొలుచుకోవచ్చు. స్టీలు గ్లాసులో నీళ్లు పోసి, థర్మామీటర్ పెట్టి, ఐసు ముక్కలు ఒక్కొక్కటే వేస్తూ కలుపుతూ ఉండండి. గ్లాసు బయట పల్చటి మసక మొదలైన క్షణాన థర్మామీటర్ చూపించేదే ఆ రోజు డ్యూ పాయింట్. గాలి వేడికీ దానికీ మధ్య పది డిగ్రీలైనా లేకపోతే ఆ రోజుకు గన్ పక్కన పెట్టి లప్పం పనో, వాటర్ పేపర్ రుద్దే పనో చూసుకోవడం మేలు.

ఆదిలాబాద్‌లో ఉన్నవాళ్లు మరీ మురిసిపోనక్కర్లేదు. అక్కడా ఆగస్టులో ఇదే కథ. జనవరి తెల్లవారుజామున చలికి రేకు మీద మంచు పట్టి ఉండగా కొడితే ఇంకా దారుణం. ఏప్రిల్ ఎండలో వేరే బాధ: తుంపర రేకును చేరేలోపే గాలిలో సగం ఆరిపోయి గరుకుగా పడుతుంది. దానికీ మందు రిటార్డరే.

పాత బండిని ఇలా ఇంట్లో విప్పి సొంతంగా మార్చుకునే సరదాను అమెరికాలో హాట్ రాడ్ అంటారు. 1930ల్లో దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఫోర్డ్ బండ్ల మడ్‌గార్డులు పీకేసి, మురాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద పందేలు వేసుకునేవారు. ఉత్త ప్రైమర్ కోటుతో తిరిగే బండ్లకు అక్కడ ఒక అందం, ఒక వర్గం ఉన్నాయి. ఎడారి గాలికి అది చెల్లుతుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్లో రెడాక్సైడ్ ఒక్కటే కొట్టి వదిలేస్తే మాత్రం ఆ పొర నీటిని పీల్చుకుంటుంది, కింద తుప్పు తన పని తను చేసుకుపోతుంది. మాట్ లుక్ కావాలంటే ప్రైమర్ మీద మాట్ రంగు వేసుకోండి.

అసలు ఎన్.సి. వద్దనుకుంటే తక్కువ ఖర్చులో సింథటిక్ ఎనామిల్ ఉంది, తలుపులకు, గ్రిల్స్‌కు వేసేదే. ఇందులోని టర్పెంటైన్ రకం ద్రావకం నిదానంగా ఎగురుతుంది, రేకును అంతగా చల్లబరచదు, తెల్లబడే భయం దాదాపు లేదు. ఇది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది కాబట్టి పూర్తిగా గట్టిపడటానికి రోజులు పడుతుంది. ఈలోగా దుమ్ము, దీపం పురుగులు అతుక్కుంటాయి. కంప్రెసర్ కూడా అక్కర్లేదు. పలచగా కలిపి స్పాంజి రోలర్‌తో వేసి, గట్టిపడ్డాక వాటర్ పేపర్ పట్టి, మళ్లీ వేస్తూ పోతే చూడచక్కగానే వస్తుంది. అమెరికాలో ఇంటి దగ్గర బండ్లు చేసుకునేవాళ్లు చాలామంది ఇలాగే వేస్తారు. తీరప్రాంతంలో మొదటిసారి వేసేవాళ్లకు నా ఓటు దీనికే. ఎనామిల్ మీద ఎన్.సి. మాత్రం కొట్టకండి, ఆ ఘాటు థిన్నర్‌కు కింది పొర ఉబ్బి ముడతలు పడుతుంది.

గట్టిపరిచే హార్డ్‌నర్ కలిపే పీయూ (పాలీయురెథేన్) రంగు మెరుపులో, మన్నికలో రెండింటికన్నా మేలు, ధరలోనూ పైచేయే. దాని హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి తేమతో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుట్టి పొరలో సన్నటి బుడగలు వస్తాయి, అంటే ముసురు దీనికీ పడదు. అంతకన్నా ముఖ్యం, ఆ తుంపర పీలిస్తే ఉబ్బసం రావచ్చు, ఒకసారి ఒంటికి పడకుండా పోతే తర్వాత కొంచెం తగిలినా ఊపిరాడదు. కర్చీఫు, గుడ్డ మాస్కు ఏమాత్రం పనికిరావు, బయటి నుంచి మంచి గాలి అందించే మాస్కు కావాలి. అది లేకుండా ఇంటి షెడ్డులో పీయూ కొట్టొద్దు. ఎన్.సి. కొట్టేటప్పుడు కూడా బీడీ, పొయ్యి, స్విచ్చు మెరుపు దరిదాపుల్లో ఉండకూడదు, అది మొదట పేలుడు పదార్థంగానే బయటపడిందని పైన చెప్పాను.

జీపు అనగానే చాలామందికి మిలిటరీ ఆకుపచ్చ మీద మనసు పోతుంది. కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989లో 121వ నియమం ప్రకారం ఆలివ్ గ్రీన్ రంగు రక్షణశాఖ బండ్లకు తప్ప ఎవరికీ వీల్లేదు. వేరే రంగుకు మారుతున్నా ఆర్‌సీలో రంగు రాసి ఉంటుంది కాబట్టి, డబ్బా కొనేముందే ఆర్టీవో ఆఫీసులో కనుక్కుని రండి.