వగరెక్కక ముందే: తూర్పు అమెరికా అడవుల్లో చిమ్మటల ఏడాది

ఫిబ్రవరి చివర్లో అమెరికా ఈశాన్య మూలనున్న న్యూ ఇంగ్లండ్ అడవుల్లో నేల మీద ఇంకా మంచు ఉంటుంది. పగటి ఎండకు కాస్త కరిగి, రాత్రికి మళ్ళీ గడ్డకట్టే ఆ రోజుల్లోనే మేపుల్ చెట్లలో తీపి నీరు కదలడం మొదలవుతుంది. రైతులు మానుకు చిన్న రంధ్రం చేసి, గొట్టం దిగ్గొట్టి, కింద బకెట్టు తగిలిస్తారు. పొద్దున్నే వెళ్ళి చూస్తే ఆ రసంలో ఒక్కోసారి చిమ్మటలు (మాత్‌లు) తేలుతుంటాయి. బూడిద రంగువి, ఇటుక రంగువి, ఒంటినిండా నూగుతో బొద్దుగా ఉంటాయి. పురుగన్నది కంటికి కనిపించకూడని కాలంలో, అదీ రాత్రిపూట, అవి ఆ చెట్టు దాకా ఎగిరి వచ్చాయి.

చిమ్మటలను చూడడం వేసవి రాత్రుల పని అని చాలామంది అనుకుంటారు. మేపుల్, బీచ్, బిర్చ్, ఓక్, హికరీ చెట్లు నిండిన తూర్పు అమెరికా అడవుల్లో మాత్రం ఆ పని దాదాపు ఏడాది పొడవునా సాగుతుంది. ఏ నెలలో ఏ చిమ్మట ఎగురుతుందన్నది వాతావరణం ఒక్కటే తేల్చే సంగతి కాదు. దాని పిల్లలు తినే ఆకు ఎప్పుడు లేతగా ఉంటుంది, ఎప్పుడు ముదురుతుంది అన్నదే అసలు లెక్క. ఆ లెక్క తెలిస్తే ఈ అడవిలో ఏ రాత్రి దేనికోసం వెతకాలో తెలిసినట్టే.

ముందు ఆ చలికాలపు చిమ్మటల సంగతి. వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జీవశాస్త్రవేత్త బెర్న్డ్ హైన్రిక్ 1980లలో వీటి ఒంటి వేడిని కొలిచాడు. యూప్సిలియా, లిథోఫేన్ అనే ప్రజాతుల చిమ్మటలు ఎగరాలంటే వాటి రొమ్ములోని కండరాలు సుమారు 30 డిగ్రీల సెల్సియస్ వేడెక్కాలి. బయట గాలి సున్నాకు అటూ ఇటూగా ఉంటుంది. అందుకే అవి కూర్చున్న చోటే వణుకుతాయి. రెక్కను ఎత్తే కండరం, దించే కండరం ఒకేసారి బిగుసుకోవడం వల్ల రెక్క పెద్దగా కదలదు, వేడి మాత్రం పుడుతుంది. రొమ్ము మీది దట్టమైన నూగు ఆ వేడిని పట్టి ఉంచుతుంది. పొట్టలోకి వెళ్ళే వెచ్చని రక్తం, తిరిగి వచ్చే చల్లని రక్తం పక్కపక్కనే ప్రవహిస్తాయి కాబట్టి వేడి రొమ్ములోనే ఉండిపోతుంది, పొట్ట చల్లగానే ఉంటుంది. ఈ వణుకుకు కావలసిన ఇంధనమే మేపుల్ రసం. మరీ గడ్డకట్టే రోజుల్లో అవి రాలిన ఆకుల కింద దాక్కుంటాయి. పైన పరుచుకున్న మంచు వాటిని కాపాడే దుప్పటి.

ఇంత అవస్థ ఎందుకు పడాలి? చలికాలంలో గబ్బిలాలు నిద్రపోతాయి, పురుగులు తినే పక్షులు చాలావరకు దక్షిణానికి వలసపోయి ఉంటాయి, శత్రువులు లేని కాలం అది అని హైన్రిక్ వాదన. వాదన బలమైనదే. కానీ ఆ చిమ్మటల గుడ్లు ఎప్పుడు పొదుగుతాయో కూడా కలిపి చూడాలి. వసంతం తొలిరోజుల్లో కొమ్మల మీద పెట్టిన గుడ్లు మొగ్గలు విచ్చుకునే వేళకు పగులుతాయి. పుట్టిన గొంగళిపురుగుకు మొదటి ముద్ద అప్పుడే విప్పారిన ఆకు.

చింతచిగురు ఎప్పుడు కోయాలో మన ఇళ్ళలో ఎవరికీ చెప్పక్కర్లేదు. వారం ఆలస్యమైతే అదే ఆకు వంటకు పనికిరాదు. ఓక్ ఆకుతో గొంగళిపురుగుదీ అదే ఇబ్బంది. దీన్ని మొదట లెక్కలతో చూపించినవాడు పాల్ ఫీనీ. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గరి వైథమ్ అడవిలో చేసిన పరిశీలనలను ఆయన 1970లో ప్రచురించాడు. ఓక్ ఆకు ముదిరేకొద్దీ అందులో టానిన్లు, అంటే వగరు, పెరుగుతాయి. నీరు, మాంసకృత్తులు తగ్గుతాయి. ఆకు తోలులా గట్టిపడుతుంది. అందుకే ఆ అడవిలో గొంగళిపురుగుల మంద మే నెలలోనే ఎగబడి తిని, ఆకు ముదిరేలోపు నేలలోకి దిగిపోతుంది. టానిన్లు పురుగు పొట్టలో మాంసకృత్తులను పట్టేసి అరగకుండా చేస్తాయని ఫీనీ అనుకున్నాడు. చాలా గొంగళిపురుగుల పొట్ట గట్టి క్షారం కావడంతో ఆ పని అంత సులువుగా జరగదని తరువాత తేలింది. టానిన్ చేసే హాని వేరే దారిలో జరుగుతుంది, ఆకు గట్టిదనం, నీటి కొరత కూడా అందులో కలుస్తాయి. వివరణ మారినా కాలెండరు మాత్రం మారలేదు.

అమెరికా ఓక్ అడవుల్లో మే నెలంతా కొమ్మల నుంచి సన్నని పట్టుదారాలకు వేలాడే పచ్చటి కొలతపురుగులు ఈ తొందర మనుషులే. మధ్య అమెరికా నుంచి, కరీబియన్ దీవుల నుంచి వార్బ్లర్ పిట్టలు సరిగ్గా అప్పుడే వచ్చి వాలతాయి. చికడీ అనే పిడికెడు పిట్ట ఒక విడత పిల్లలను గూటి నుంచి ఎగరనివ్వడానికి 6,000 నుంచి 9,000 గొంగళిపురుగులు మోసుకురావాలని లెక్క కట్టారు. పగలు బైనాక్యులర్లతో పిట్టల వెంట తిరిగేవారు తాము చూస్తున్నది సగం చిమ్మటల కథేనని గుర్తించరు.

మరి ముదిరిన ఆకును ఎవరూ ముట్టుకోరా? ముట్టుకుంటారు, అందుకు తగిన పళ్ళున్నవాళ్ళు. జూన్ రాత్రుల్లో దీపం దగ్గరికి వచ్చే అరచేతంత పట్టుచిమ్మటల పిల్లలు వేసవి ఆకులను తింటాయి. ఎలిజబెత్ బెర్నేస్, డాన్ జాన్‌జెన్ 1988లో ఈ కుటుంబపు గొంగళిపురుగుల దవడలను పరిశీలించి, అవి పొట్టిగా, సాదాగా ఉండి ఆకును నమలకుండా కత్తెరలా ముక్కలు చేస్తాయని చూపించారు. నమిలితే ఆకులోని విషాలన్నీ బయటపడతాయి. ముక్కలుగా మింగితే కొంత పోషకం వదులుకున్నా వగరు నుంచి కొంత తప్పించుకోవచ్చు. నిదానంగా, ఎక్కువ కాలం, ఎక్కువ ఆకు తినడం వీటి పద్ధతి.

ఆ గుంపులో అందరూ చూడాలని కోరుకునేది లూనా చిమ్మట. లేత ఆకుపచ్చ రెక్కలు, వెనక రెండు పొడవాటి మెలితిరిగిన తోకలు. పెద్దయ్యాక దానికి పనిచేసే నోరు ఉండదు. వారం రోజుల బతుకు, ఆ వారమంతా జత కోసమే. ఉత్తరాన ఏడాదికి ఒక తరం, దక్షిణాన రెండు మూడు తరాలు. ఆ తోకలు అందానికి కాదు. 2015లో వెలువడిన ఒక ప్రయోగంలో తోకలు కత్తిరించిన లూనాలలో దాదాపు 81 శాతం గబ్బిలాలకు చిక్కాయి, తోకలున్నవాటిలో 35 శాతమే. ఎగురుతున్నప్పుడు తిరిగే తోక కొసలు, వేట కోసం గబ్బిలం వదిలే శబ్దాన్ని తమవైపు లాక్కుంటాయి. గబ్బిలం తోకను కొరుకుతుంది, చిమ్మట తప్పించుకుపోతుంది.

లూనాతో పాటు వచ్చే పాలిఫీమస్ చిమ్మటను చూస్తే మహదేవపూర్, చెన్నూరు వైపు దసలి పట్టు రైతులు వెంటనే చుట్టాన్ని గుర్తుపడతారు. మన మద్దిచెట్ల మీద పెంచే దసలి చిమ్మటది, దీనిదీ ఒకటే ప్రజాతి, ఆంథీరియా. రెక్కల మీద ఆ గుండ్రటి కళ్ళు, పట్టుకాయ గట్టిదనం, అన్నీ ఆ పోలికే. దీని నుంచి పట్టు తీయాలని గట్టిగా ప్రయత్నించినవాడు ఒకడున్నాడు. ఫ్రాన్సు నుంచి వచ్చి మసాచుసెట్స్‌లోని మెడ్‌ఫర్డ్‌లో స్థిరపడిన చిత్రకారుడు ఎటియెన్ ట్రూవెలో. ఐదెకరాల పొదలకు వల కప్పి, 1865 నాటికి పది లక్షల పాలిఫీమస్ పురుగులను పెంచానని ఆయనే రాసుకున్నాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. 1860ల చివర్లో ఆయన ఐరోపా నుంచి ఇంకో చిమ్మట గుడ్లు తెప్పించాడు. వాటిలో కొన్ని తప్పించుకున్నాయి. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి మెడ్‌ఫర్డ్ చెట్లకు ఆకు మిగలలేదు. ఈనాటికీ తూర్పు అమెరికా ఓక్ అడవులను మోడుచేస్తున్న స్పాంజీ చిమ్మట అదే. ట్రూవెలో ఆ తరువాత ఖగోళం వైపు మళ్ళి గ్రహాల బొమ్మలు అద్భుతంగా గీశాడు. గ్రహాలకు ఏ హానీ జరగలేదు.

దాన్ని అణచడానికి చేసిన పని ఇంకా పెద్ద పొరపాటు అని నా అభిప్రాయం. 1906 నుంచి కాంప్సిల్యూరా అనే ఐరోపా ఈగను తెచ్చి వదిలారు. ఇది గొంగళిపురుగు ఒంట్లో పిల్లలను పెడుతుంది. ఏ పురుగు అనే పట్టింపు లేదు, దాదాపు రెండు వందల జాతులు దీనికి ఆహారమే. స్పాంజీ చిమ్మటకు ఏడాదికి ఒకే తరం, ఈగకు ఎన్నో తరాలు. మిగతా వేసవంతా అది ఎవరిని తినాలి? ముదురు ఆకుల మీద నిదానంగా పెరిగే స్థానిక పట్టుచిమ్మట పిల్లలనే. మసాచుసెట్స్‌లో చెట్ల మీద సెక్రోపియా అనే స్థానిక పట్టుచిమ్మట గొంగళిపురుగులను 500 వదిలి చూస్తే ఒక్కటీ ఐదో దశ దాటి బతకలేదని 2000లో వచ్చిన అధ్యయనం చెప్పింది. అదే అధ్యయనంలో వందేసి పురుగులను వదిలిన గుంపుల్లో 81 శాతం చావులకు ఈ ఈగే కారణం. నిదానమే ప్రధానం అన్న సూత్రం అప్పటిదాకా వాటిని కాపాడింది, ఈగ వచ్చాక అదే ముప్పయింది.

జూలై చివరి వారం చిమ్మటల పండగ. 2012లో న్యూజెర్సీలోని ఈస్ట్ బ్రన్స్‌విక్‌లో మొదలైన జాతీయ చిమ్మటల వారం ఇప్పుడు చాలా దేశాల్లో జరుగుతోంది. తెలుగువాళ్ళు దట్టంగా ఉండే ఎడిసన్‌కు ఆ ఊరు దగ్గరే. పరికరాలంటూ పెద్దగా ఏమీ అక్కర్లేదు. రెండు చెట్ల మధ్య తెల్ల దుప్పటి కట్టి, ముందు అతినీలలోహిత దీపం పెడితే చాలు. పాదరస ఆవిరి దీపమైతే ఇంకా ఎక్కువ వస్తాయి, కానీ దాని వైపు నేరుగా చూడకూడదు. వెన్నెల లేని, గాలి లేని, ఉక్కపోసే రాత్రి దొరికితే అదృష్టం. చిమ్మటకు దీపం మీద మోజు అని కవులు రాసుకున్నారు గానీ, 2024లో ప్రచురితమైన పరిశోధనలో వేగపు కెమెరాలు చూపించింది వేరు. ఎగిరే పురుగు వెలుగున్న వైపే ఆకాశం ఉందనుకుని తన వీపును అటు తిప్పుతుంది. దీపం పక్కన ఉంటే ఆ వంపు చుట్టూ తిరిగే బోనవుతుంది. అందుకే రాత్రంతా దీపం వెలిగించి పడుకోవడం అన్యాయం. తెల్లవారగానే పిట్టలు వచ్చి దుప్పటి మీద విందు చేసుకుంటాయి. రెండు మూడు గంటలు చూసి, దీపం ఆర్పి, దుప్పటి దులిపి వెళ్ళాలి.

ఆగస్టు వచ్చేసరికి దీపం కన్నా పానకం మేలు. కటోకాలా చిమ్మటలు దీపానికి అంతగా రావు, పులిసిన తీపికి పరుగెత్తుకొస్తాయి. మగ్గిపోయిన అరటిపండ్లు, చప్పబడిన బీరు, గోధుమరంగు చక్కెర కలిపి ఒకటి రెండు రోజులు పులియబెట్టి, చీకటి పడే వేళకు కుంచెతో చెట్ల మానులకు పూస్తారు. చక్కెర బదులు బెల్లం వేసినా చిమ్మట ఫిర్యాదు చేయదు. ముందు రెక్కలు అచ్చం బెరడులా ఉంటాయి. కదిలిస్తే కింది రెక్కలు నారింజ, ఎరుపు, నలుపు పట్టీలతో భగ్గుమంటాయి. కొరకబోయిన పిట్ట ఒక్క క్షణం తడబడితే చాలు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో థియోడర్ సార్జెంట్ వీటి మీద ఏళ్ళ తరబడి పనిచేసి, ఏ చిమ్మట ఏ రంగు బెరడు మీద కూర్చోవాలో అది ముందే ఎరిగి ఉంటుందని చూపించాడు. నలుపు తెలుపు రెక్కల కటోకాలా రెలిక్టా తెల్లటి బిర్చ్ మానునే ఎంచుకుంటుంది. పెద్ద పురుగులు ఎగిరేది ఎండాకాలం చివర్లోనే అయినా, వీటి గుడ్లు బెరడు పగుళ్ళలో చలికాలం గడిపి, వసంతంలో హికరీ, అక్రోటు, ఓక్ చిగుళ్ళ వేళకు పగులుతాయి. ఎగరడం ఎప్పుడైనా కావచ్చు, తినడం మాత్రం చిగురు వేళకే.

అక్టోబరులో శివారు కాలనీల్లో ఆకులూడ్చే యంత్రాల మోత మొదలవుతుంది. లూనా పట్టుకాయను ఆకులోనే చుట్టుకుని ఆ ఆకుతో సహా నేలరాలుతుంది. సంచుల్లోకి వెళ్ళేది వచ్చే ఏటి లూనాలే. పచ్చిక మీద వదలడం ఇష్టం లేకపోతే ఆకులను చెట్టు మొదట్లోకి నెట్టినా సరిపోతుంది.

నవంబరులో, పగలు ఆకురాలిన మేపుల్ అడవిలో లేత గోధుమ రంగు చిమ్మటలు నేలకు అడుగెత్తున తేలుతూ కనిపిస్తాయి. బ్రూస్ స్పాన్‌వార్మ్. అన్నీ మగవే. ఇవి వణకవు. పెద్ద రెక్కలు, తేలికైన ఒళ్ళు కాబట్టి సున్నా డిగ్రీల దగ్గర చల్లని కండరాలతోనే ఎగురుతాయి. ఈ ఉపాయం ఆడదానికి పనికిరాదు. పొట్టనిండా గుడ్ల బరువును చల్లని కండరాలు మోయలేవు. దాని రెక్కలు మొండి గుర్తులుగా మిగిలాయి, అది చెట్టెక్కి, వాసనతో మగవాటిని పిలిచి, బెరడు సందుల్లో గుడ్లు పెడుతుంది. వెతకడానికి రాత్రి టార్చి చాలు. మగది మాను మీద కదలకుండా ఉంటే దాని పొట్ట చివర చూడండి, సాలీడులాంటి బొద్దు పురుగు ఒకటి అంటుకుని ఉంటుంది. పగలు వెళ్ళేట్టయితే నారింజ రంగు చొక్కా వేసుకోవడం మరవకండి. ఆ అడవుల్లో అది జింకల వేట కాలం కూడా.