మఖ్దూం నిజాం మనిషా? క్లాసులో ప్రతి బ్యాచ్‌కీ చెప్పే అపోహలు - వాస్తవాలు

గ్రూప్స్ పిల్లలకి తెలంగాణ హిస్టరీ చెప్పబట్టి పదకొండేళ్లయింది. ఉర్దూ కవి, కమ్యూనిస్టు నాయకుడు మఖ్దూం మొహియుద్దీన్ పేరు వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు "సార్, ఆయన నిజాం సైడా, మన సైడా" అంటారు. మొన్న ఒకమ్మాయి ప్రాక్టీస్ ఆన్సర్‌లో ఏకంగా "నిజాం ఆస్థాన కవి" అని రాసింది. ఎక్కడ చదివావమ్మా అంటే వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ సార్ అంది. ఆ పీడీఎఫ్ తయారుచేసినోడు దొరికితే బాగుండు.

అపోహ: ముస్లిం, పైగా ఉర్దూ కవి, కాబట్టి నిజాం మనిషి, రజాకార్లతో (నిజాం కొమ్ము కాసిన ప్రైవేటు సైన్యం) ఉండే ఉంటాడు.

వాస్తవం: పూర్తిగా తలకిందులు. సిటీ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వదిలేసి కమ్యూనిస్టు పార్టీలోకి, కార్మిక సంఘాల్లోకి వెళ్లిన మనిషి. 1947 సెప్టెంబర్ 11న నిజాం మీద సాయుధ పోరాటానికి పిలుపిచ్చింది ముగ్గురు: రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం. ఈ మూడు పేర్లూ కలిపి గుర్తుపెట్టుకోండి, ఒకటి వదిలేస్తే మార్కు పోద్ది. అసలు గొడవెక్కడంటే పిల్లలు ఈ పోరాటాన్నే హిందూ ముస్లిం కొట్లాటలా చదువుకుంటున్నారు, ఆ కళ్లతో చూస్తే మఖ్దూం ఎటూ ఇమడడు, మెయిన్స్‌లో ఎస్సే మొత్తం పక్కదారి పడుతుంది. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి (పెద్ద భూస్వామి) హిందువే కదా, ఆయన మనుషులు చంపిన షేక్ బందగీ ముస్లిం రైతు, 1946 జులై 4న కడవెండిలో వాళ్ల తుపాకులకి పోయింది దొడ్డి కొమరయ్య. రజాకార్ల చేతిలో 1948 ఆగస్టులో చనిపోయిన ఎడిటర్ షోయబుల్లాఖాన్ ఉర్దూ పేపర్ నడిపినోడే. మతం కాదు సార్ ఇక్కడ లెక్క, భూమి, వెట్టి, రాచరికం. ఇంకోటి, 1948లో భారత సైన్యం హైదరాబాద్‌లోకి దిగిన పోలీస్ యాక్షన్‌తో పోరాటం అయిపోలేదు, 1951 దాకా సాగింది. నిజాం పాలన పోయాక కూడా మఖ్దూం అజ్ఞాతంలోనే ఉన్నారు, అరెస్టయింది 1951లో.

1952లో పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్, అప్పట్లో కమ్యూనిస్టులు పోటీ చేసిన వేదిక) తరఫున అసెంబ్లీకి గెలిచింది కూడా పాతబస్తీ నుంచి కాదు, హుజూర్‌నగర్ నుంచి. మా తాతది ఆ పక్క ఊరే. ఉర్దూ ముక్క రాదు. ఓటెవరికేశావ్ తాతా అంటే "మగ్దుం సాబుకు" అనేవాడు. ఆయన కవిత్వం రాస్తాడని నేను చెప్పేదాకా మా తాతకి తెలీనే తెలీదు.

అపోహ: సినిమా పాటల రచయిత. కాదు. సినిమావాళ్లే ఆయన కవితలు తీసుకున్నారు. బాగా మోగిన రెండూ, గమన్‌లో "ఆప్ కీ యాద్ ఆతీ రహీ", బాజార్‌లో "ఫిర్ ఛిడీ రాత్", 1978, 1982ల్లో వచ్చాయి, ఆయన పోయింది 1969 ఆగస్టు 25న.

అపోహ: "ఆప్ కీ యాద్" పాకిస్తాన్ ఉర్దూ కవి ఫైజ్ అహ్మద్ ఫైజ్‌ది. ఇదొక్కటి కొంచెం క్షమించొచ్చు, ఎందుకంటే మఖ్దూం జ్ఞాపకంగా ఫైజ్ కూడా అదే లైనుతో మొదలుపెట్టి ఒక గజల్ రాశాడు. రెండో లైన్‌లో "చష్మ్-ఎ-నమ్" ఉంటే మఖ్దూం, "చాందనీ" ఉంటే ఫైజ్.

అపోహ: ఉర్దూ రాకపోతే ఈ టాపిక్ వదిలేయాలి. ఎందుకు భయం? పొలం గట్ల మీద నడిచెళ్లే తెలంగాణ అమ్మాయి మీద కవిత రాసినాయన, పరాయి మనిషి కాదు. పుట్టింది 1908లో అందోల్‌లో, అప్పుడు మెదక్, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. పుస్తకాలు మూడు చాలు: సుర్ఖ్ సవేరా, గుల్-ఎ-తర్, బిసాత్-ఎ-రఖ్స్. చివరిదానికి 1969 సాహిత్య అకాడమీ అవార్డు.

ఆ అమ్మాయి ఆన్సర్ మళ్లీ రాసి తెచ్చింది. బందగీ, కొమరయ్య ఇద్దర్నీ మొదటి పేరాలోనే పెట్టింది, బాగుంది. విసునూరుని మాత్రం మళ్లీ విస్నపూరు అనే రాసింది.