ఫోనులో జీపీఎస్ తప్పు చూపిస్తోందా? అపోహలు - వాస్తవాలు

ఫోన్ల మరమ్మతులో మా దగ్గరకు వచ్చే ఫిర్యాదుల్లో "జీపీఎస్ పాడైంది" అన్నంత అస్పష్టమైనది మరొకటి ఉండదు. మ్యాప్‌లో నీలి చుక్క పక్క వీధిలో కనిపించినా, బాణం గుర్తు వెనక్కి తిరిగినా, నడకను నమోదు చేసే యాప్ సగం దారిని వదిలేసినా, అసలు మ్యాప్ తెరుచుకోకపోయినా అందరూ చెప్పేది ఈ ఒక్క మాటే. ఇవి నాలుగూ వేర్వేరు సమస్యలు, వీటి కారణాలు వేరు, పరిష్కారాలూ వేరు. ఏది తప్పుతోందో తేల్చుకోకుండానే ఫోనులోని సమాచారమంతా చెరిపేసుకునేవారిని, బాగున్న ఫోనును విప్పించుకునేవారిని, చివరికి కొత్తది కొనేసేవారిని చూస్తే బాధ కలుగుతుంది. తరచుగా వినే అపోహలను ఒక్కొక్కటిగా తీసుకుని, వాటి వెనుక ఉన్న అసలు సంగతిని వివరిస్తాను.

అపోహ: ఇంటర్నెట్ లేకపోతే జీపీఎస్ పనిచేయదు.

వాస్తవం: ఫోనులోని జీపీఎస్ భాగం కేవలం వినే పరికరం. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాలు తమ సమయాన్ని, తమ కక్ష్య వివరాలను నిరంతరం ప్రసారం చేస్తుంటాయి. ఆ సంకేతం తనను చేరడానికి ఎంత సమయం పట్టిందో లెక్కగట్టి ఫోను తన స్థానాన్ని తేల్చుకుంటుంది. ఇందుకు కనీసం 4 ఉపగ్రహాలు కావాలి: అక్షాంశం, రేఖాంశం, ఎత్తు అనే మూడింటితో పాటు ఫోను గడియారంలోని తేడాను కూడా కనిపెట్టాలి కనుక. గడియారం సెకనులో పది లక్షలో వంతు తప్పితే దూరం 300 మీటర్లు తప్పుతుంది. ఈ లెక్కలో ఎక్కడా మొబైల్ డేటా అవసరం లేదు, సిమ్ కార్డు అవసరమూ లేదు. ఈనాటి ఫోన్లలో ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉన్నా ఇది పనిచేస్తుంది.

అయితే ఈ అపోహ ఊరికే పుట్టలేదు. ఉపగ్రహం తన కక్ష్య వివరాలను సెకనుకు 50 బిట్ల వేగంతో మాత్రమే పంపుతుంది. స్థానం లెక్కగట్టడానికి అవసరమైన భాగం ప్రతి 30 సెకన్లకు ఒకసారి వస్తుంది, దాన్ని మధ్యలో అంతరాయం లేకుండా అందుకోవాలి. చెట్ల కింద నడుస్తూనో, వాహనంలో కదులుతూనో ఉంటే మధ్యలో ఒక ముక్క జారిపోతుంది, అప్పుడు ఆ భాగం మళ్లీ వచ్చేదాకా ఆగాలి. ఇంటర్నెట్ ఉన్న ఫోను ఇదే సమాచారాన్ని సర్వర్ నుంచి క్షణాల్లో తెచ్చుకుంటుంది. దీన్నే సహాయక జీపీఎస్ అంటారు. కాబట్టి డేటా లేకపోతే ఆలస్యం అవుతుందే కానీ, స్థానం దొరకడం ఆగిపోదు. చాలా రోజులు ఆపి ఉంచిన ఫోనును, లేదా విమానంలో వేల కిలోమీటర్లు దాటి వచ్చిన ఫోనును డేటా లేకుండా తెరిచినప్పుడు, ఆకాశం బాగా కనిపించే చోట కొన్ని నిమిషాలు కదలకుండా నిలబడండి. ఆ కాసేపు ఓపిక పట్టలేక "చచ్చిపోయింది" అని తెచ్చిన ఫోన్లు చాలావరకు ఆరుబయట వాటంతట అవే స్థానాన్ని పట్టుకున్నాయి.

ఇంకొక చిక్కు కూడా ఉంది. డేటా లేనప్పుడు తెర మీద రావలసిన మ్యాప్ బొమ్మ రాదు, బూడిద రంగు గడులు మాత్రమే కనిపిస్తాయి. అది మ్యాప్ లేకపోవడమే తప్ప స్థానం దొరకకపోవడం కాదు. ప్రయాణానికి ముందే ఆ ప్రాంతపు మ్యాప్‌ను డౌన్‌లోడ్ చేసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

అపోహ: మ్యాప్‌లో కనిపించే నీలి చుక్క అంటే జీపీఎస్ చెప్పిన స్థానం.

వాస్తవం: ఆ చుక్క అనేక ఆధారాలను కలిపి ఫోను వేసుకున్న అంచనా. ఉపగ్రహాల లెక్కతో పాటు చుట్టుపక్కల వైఫై రూటర్లు, మొబైల్ టవర్లు, బ్లూటూత్ పరికరాలు, ఫోను కదలికను పసిగట్టే సెన్సర్లు అన్నీ అందులో పాలుపంచుకుంటాయి. ఇంటి లోపల కాంక్రీటు కప్పు కింద ఉన్నప్పుడు ఆ అంచనాలో వైఫైదే పైచేయి.

ఇది తెలియకపోతే అర్థంకాని సమస్య ఒకటుంది. ఒక కుటుంబం ఇల్లు మారింది, పాత ఇంట్లోని రూటర్‌నే కొత్త ఇంటికి తెచ్చుకుంది. ఆ తర్వాత ఇంట్లో ఎవరు ఫోను తెరిచినా చుక్క పాత ఇంటి మీదే నిలుస్తుంది, గుమ్మం దాటి వీధిలోకి రాగానే సరైన చోటికి దూకుతుంది. రూటర్ల స్థానాలను దాచుకునే డేటాబేస్‌లో ఆ రూటర్ ఇంకా పాత చిరునామాతోనే ఉండడం దీనికి కారణం. ఆ పరిసరాల్లో జనం ఫోన్లు తిరుగుతూ ఉంటే కొంతకాలానికి అది దానంతటదే సరిపడుతుంది. ఇటువంటి ఫోనును విప్పి చూస్తే దొరికేది ఏమీ లేదు.

అనుమానం తీర్చుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. ఆండ్రాయిడ్ ఫోనులో లొకేషన్ సెట్టింగ్స్‌లో ఉండే లొకేషన్ ఆక్యురసీ అనే సదుపాయాన్ని తాత్కాలికంగా ఆపి, ఆరుబయట నిలబడి చూడండి. అప్పుడు ఉపగ్రహాల లెక్క ఒక్కటే మిగులుతుంది. చుక్క సరైన చోటికి వస్తే మీ జీపీఎస్ నిక్షేపంగా ఉన్నట్టే. పరీక్ష అయ్యాక దాన్ని మళ్లీ ఆన్ చేయడం మరవకండి. లేకపోతే ఇంటి లోపల స్థానమే దొరకదు.

చుక్క చుట్టూ ఉండే లేత నీలి వలయాన్ని కూడా గమనించాలి. ఫోను తన అంచనా మీద తనకు ఎంత నమ్మకం ఉందో అందులో చెబుతుంది. ఆండ్రాయిడ్ ఇచ్చే ఖచ్చితత్వపు సంఖ్యకు అర్థం, మీరు ఆ వలయంలో ఉండే అవకాశం 68 శాతం అని. అంటే వలయం బయట ఉండడమూ మామూలే. అమెరికా ప్రభుత్వ జీపీఎస్ సమాచారం ప్రకారం ఆకాశం బాగా కనిపించే చోట స్మార్ట్‌ఫోన్లు సాధారణంగా 4.9 మీటర్ల వ్యాసార్ధంలో స్థానం చూపుతాయి. రోడ్డుకు ఏ పక్కన ఉన్నారో చుక్క సరిగ్గా చెప్పలేదంటే దాన్ని లోపంగా భావించనవసరం లేదు.

అపోహ: బాణం తప్పు దిక్కు చూపుతోంది కాబట్టి జీపీఎస్ చెడింది.

వాస్తవం: నిలబడి ఉన్నప్పుడు మీరు ఏ వైపు తిరిగి ఉన్నారో ఉపగ్రహాల లెక్క చెప్పలేదు. ఆ పని ఫోనులోని అయస్కాంత దిక్సూచిది. వాహనంలో ఫోనును పట్టి ఉంచే అయస్కాంతపు స్టాండు, అయస్కాంతపు మూత ఉన్న కవర్, దగ్గరలోని స్పీకర్ లేదా ఇనుప వస్తువు దాన్ని తేలిగ్గా తప్పుదోవ పట్టిస్తాయి. వాటిని తీసి, ఫోనును గాలిలో ఎనిమిది అంకె ఆకారంలో కొన్నిసార్లు తిప్పితే దిక్సూచి సర్దుకుంటుంది. అయస్కాంతం వల్ల స్థానం మాత్రం చెడదు. అయితే ఆ స్టాండుకు అతికేందుకు ఫోను వెనుక అంటించే లోహపు రేకు యాంటెన్నాకు అడ్డంగా పడితే సంకేతం తగ్గుతుంది. పూర్తి లోహపు కవర్లతోనూ ఇదే ఇబ్బంది. కవర్ తీసి ఒకసారి చూడడం ఖర్చులేని పరీక్ష.

అపోహ: ఎక్కువ ఉపగ్రహాలు కనిపిస్తే ఖచ్చితత్వం తప్పక పెరుగుతుంది.

వాస్తవం: సంఖ్య ఒక్కటే చాలదు. ఇప్పటి ఫోన్లు అమెరికా జీపీఎస్‌తో పాటు రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో, చైనా బైడూ ఉపగ్రహాలను కూడా అందుకుంటాయి. అందుకే ఉపగ్రహాలను చూపే యాప్ జాబితాలో ముప్పై, నలభై కనిపించడం వింత కాదు. వాటిలో ఎన్ని నేరుగా కనబడుతున్నాయి, ఎన్ని గోడకు తగిలి వస్తున్నాయి అన్నదే అసలు ప్రశ్న. ఎత్తైన భవనాల మధ్య ఇరుకు వీధిలో నిలబడితే నెత్తి మీద ఉన్న సన్నని ఆకాశపు చీలికలోని ఉపగ్రహాలే నేరుగా కనిపిస్తాయి, మిగతా సంకేతాలు అద్దాల గోడల మీద పడి తిరిగి వస్తాయి. తిరిగి వచ్చిన సంకేతం 30 మీటర్లు అదనంగా ప్రయాణిస్తే ఆ ఉపగ్రహం 30 మీటర్లు దూరంగా ఉన్నట్టు ఫోను భావిస్తుంది. చుక్క వీధి దాటి అవతలి భవనంలోకి దూకడానికి కారణం ఇదే. యాంటెన్నా ఎంత మంచిదైనా ఈ తప్పు పూర్తిగా పోదు.

దీనికి నిజంగా ఉపకరించేది రెండో పౌనఃపున్యం (ఫ్రీక్వెన్సీ) మీద వచ్చే సంకేతం. పాత ఫోన్లు 1575.42 మెగాహెర్ట్జ్ దగ్గర ఉండే ఎల్1 సంకేతాన్ని మాత్రమే వింటాయి. 2018లో వచ్చిన షావోమీ మీ 8తో మొదలుపెట్టి, కొన్ని ఫోన్లు 1176.45 మెగాహెర్ట్జ్ దగ్గరి ఎల్5 సంకేతాన్ని కూడా వింటున్నాయి. సంకేతం ఎప్పుడు బయలుదేరిందో లెక్కగట్టడానికి ఉపగ్రహం పంపే అంకెల వరుసను కోడ్ అంటారు. ఎల్5లోని కోడ్, ఎల్1లో పౌరుల కోసం ఉన్న కోడ్ కంటే పది రెట్లు వేగంగా మారుతుంది కనుక నేరుగా వచ్చినదాన్నీ, గోడకు తగిలి ఆలస్యంగా వచ్చినదాన్నీ ఫోను మెరుగ్గా వేరు చేయగలదు. భవనాల మధ్యే రోజంతా తిరిగే పని చేసేవారు కొత్త ఫోను ఎంచుకునేటప్పుడు కెమెరా సంఖ్యల కంటే ముందు ఈ ఒక్క అంశాన్ని చూడాలన్నది నా గట్టి అభిప్రాయం.

అపోహ: మబ్బు పట్టినా, వాన కురిసినా జీపీఎస్ తప్పుతుంది.

వాస్తవం: ఈ పౌనఃపున్యాల మీద మబ్బుల, వాన ప్రభావం లెక్కలోకి రానంత తక్కువ. తడిసిన దట్టమైన ఆకులు మాత్రం సంకేతాన్ని కొంత మింగేస్తాయి.

అపోహ: పౌరులకు వచ్చే సంకేతాన్ని అమెరికా సైన్యం కావాలనే చెడగొడుతుంది.

వాస్తవం: ఒకప్పుడు అది నిజమే. అమెరికా 2000 మే నెలలో ఆ పద్ధతిని నిలిపివేసింది, కొత్త తరం ఉపగ్రహాల్లో ఆ ఏర్పాటే ఉండదని 2007లో ప్రకటించింది.

అపోహ: ఒక యాప్‌లో దారి తెగిపోతోందంటే ఫోనులో లోపం ఉన్నట్టే.

వాస్తవం: ఒక యాప్‌లో తప్పి, మరో యాప్‌లో సరిగా ఉంటే లోపం దాదాపు ఎప్పుడూ అనుమతుల్లోనో, బ్యాటరీ పొదుపులోనో ఉంటుంది. ఐఓఎస్ 14, ఆండ్రాయిడ్ 12 వచ్చినప్పటి నుంచి యాప్‌కు ఖచ్చితమైన స్థానం ఇవ్వాలా, సుమారు స్థానం ఇవ్వాలా అని వినియోగదారుడే ఎంచుకోవచ్చు. అనుమతి అడిగే పెట్టె కనిపించినప్పుడు తొందరలో సుమారు స్థానాన్ని నొక్కితే, ఆ యాప్‌కు మీరు ఒక పెద్ద ప్రాంతంలో ఎక్కడో ఉన్నట్టుగా మాత్రమే తెలుస్తుంది. చుక్క కిలోమీటర్ల దూరంలో పడి, వలయం ఊరంతా పరుచుకుంటే మొదట చూడవలసింది ఇదే. యాప్ అనుమతుల్లో ప్రిసైజ్ లొకేషన్ మీట ఆన్‌లో ఉందో లేదో చూడండి.

తెర ఆపి జేబులో పెట్టుకున్న తర్వాత నడక నమోదు ఆగిపోయి, మళ్లీ తెర వెలిగించగానే రెండు బిందువుల మధ్య ఒక తిన్నని గీత కనిపించడం బ్యాటరీ పొదుపు గుర్తు. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి, వెనుక నడిచే యాప్‌లకు గంటకు కొన్నిసార్లు మాత్రమే స్థానం అందుతుంది. అలా కాకుండా ఉండాలంటే యాప్ తాను నడుస్తున్నట్టు ఒక నోటిఫికేషన్‌ను నిలిపి ఉంచాలి. దీనికి తోడు కొన్ని తయారీ సంస్థలు తమ సొంత ఆంక్షలు కూడా జోడిస్తాయి. ఆ యాప్‌ను బ్యాటరీ ఆప్టిమైజేషన్ నుంచి మినహాయించి, బ్యాటరీ సేవర్‌ను ఆపి, మళ్లీ అదే దారిలో నడిచి చూడండి. డెవలపర్ ఆప్షన్స్ (యాప్‌లు తయారుచేసేవారి కోసం ఉండే ప్రత్యేక సెట్టింగ్స్) తెరిచి ఉన్న ఫోనులో నకిలీ స్థానం ఇచ్చే యాప్ ఏదైనా ఎంపికై ఉందేమో కూడా చూడాలి. ఎప్పుడో సరదాకు పెట్టుకుని మరచిపోయినవారు ఉన్నారు.

అపోహ: జీపీఎస్‌ను బలపరిచే యాప్‌లు సంకేతాన్ని పెంచుతాయి.

వాస్తవం: ఏ యాప్ కూడా యాంటెన్నా బలాన్ని పెంచలేదు. అవి చేయగలిగింది, పాతబడిన సహాయక సమాచారాన్ని చెరిపి కొత్తది తెప్పించడం మాత్రమే. స్థానం దొరకడానికి మరీ ఆలస్యమవుతున్నప్పుడు అది అప్పుడప్పుడు ఉపయోగపడుతుంది, మిగతా సందర్భాల్లో వృథా. ఫోనులోని సమాచారమంతా చెరిపేసే ఫ్యాక్టరీ రీసెట్‌ను మాత్రం హార్డ్‌వేర్ పరీక్ష ముగియకముందే తలపెట్టవద్దు.

అపోహ: ఫోను ఎప్పుడూ కింద పడలేదు, కాబట్టి హార్డ్‌వేర్ లోపం ఉండే అవకాశం లేదు.

వాస్తవం: నేలను చేరే జీపీఎస్ సంకేతం ఒక వాట్‌ను వంద కోట్ల కోట్ల భాగాలు చేస్తే అందులో సుమారు ఒక భాగమంత. ఇంత బలహీనమైనదాన్ని అందుకునే దారిలో చిన్న సందు ఏర్పడినా చాలు. చాలా ఫోన్లలో యాంటెన్నా పైభాగపు ఫ్రేములో ఉంటుంది. బోర్డు మీద ఉండే వెంట్రుకంత సన్నని స్ప్రింగు పిన్నులు దానికి ఒత్తుకుని ఉంటాయి. డిస్‌ప్లే గానీ బ్యాటరీ గానీ మార్చినప్పుడు ఆ పిన్ను ఒకటి వంగినా, దాని మీద జిగురు అంటినా, లోపలి పలకను బిగించే స్క్రూ ఒకటి వదిలేసినా కాల్స్, వైఫై అన్నీ బాగుంటాయి, జీపీఎస్ ఒక్కటే నీరసపడుతుంది. అందువల్ల "ఈమధ్య ఫోను ఎక్కడైనా విప్పారా?" అన్నదే నా మొదటి ప్రశ్న.

దీన్ని నిర్ధారించడానికి జీపీఎస్‌టెస్ట్ వంటి యాప్‌లో ప్రతి ఉపగ్రహం పక్కన కనిపించే సంకేత బలాన్ని చూడాలి. అది డీబీ-హెర్ట్జ్ అనే కొలమానంలో ఉంటుంది, అంకె ఎంత పెద్దదైతే సంకేతం అంత బలమైనది. ఆరుబయట, ఆకాశం నలువైపులా కనిపించే చోట, ఆరోగ్యంగా ఉన్న ఫోనులో మెరుగైన ఉపగ్రహాలు 35 నుంచి 45 మధ్య చూపుతాయి. అదే చోట అన్నింటికంటే బలమైనది కూడా పాతిక దాటకపోతే యాంటెన్నా దారిని అనుమానించవచ్చు. బాగున్న మరో ఫోనును పక్కనే పెట్టి పోల్చితే అనుమానం బలపడుతుంది. ఐఫోన్ ఈ అంకెలను యాప్‌లకు ఇవ్వదు కాబట్టి అక్కడ రెండో ఫోనుతో పోల్చడమే మార్గం. వాహనంలో మాత్రమే బలం పడిపోతుంటే ఫోనును నిందించే ముందు చార్జర్‌ను, డ్యాష్‌క్యామ్‌ను (వాహనం ముందు దారిని చిత్రీకరించే కెమెరాను) ఒక్కొక్కటిగా ఊడదీసి చూడండి. నాసిరకం విద్యుత్ సరఫరా నుంచి వెలువడే రేడియో రొద ఇంత సున్నితమైన సంకేతాన్ని తేలిగ్గా ముంచేస్తుంది. వాహనపు అద్దంలో లోహపు పూత ఉన్నా బలం తగ్గుతుంది.

మరమ్మతు చేయించాక ఆ అంకెలను దుకాణం ముందే, ఆరుబయట నిలబడి మళ్లీ చూసుకోండి. వెనుక మూత పూర్తిగా బిగించిన తర్వాతే చూడాలి. ఆ పిన్నులు గట్టిగా ఆనేది మూత, స్క్రూలు తమ స్థానంలో కూర్చున్నప్పుడే కాబట్టి, మూత తెరిచి ఉండగా వచ్చే అంకెలను లెక్కలోకి తీసుకోకూడదు.